పాత జీపీ గారిని మా తరఫున సాక్షిగా పిలవవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర పల్లె. తాతల నాటి ఎకరం భూమిని పోరంబోకు అంటూ తహసీల్దారు నోటీసు ఇస్తే సివిల్ కోర్టులో దావా వేశాం. అది జిరాయితీయేనని (రైతు సొంత పట్టా భూమేనని) అప్పటి గవర్నమెంటు ప్లీడరు (జీపీ) ఆర్డీఓ ఆఫీసుకు ఒపీనియన్ రాసిచ్చారట. ఇప్పుడాయన ఆ పదవిలో లేరు, మాకు తెలిసినవారే. కోర్టుకు పిలిపించి ఆ మాట చెప్పించవచ్చా?

జవాబు: పిలిపించవచ్చు, సమన్లు అందితే ఆయన రావాలి కూడా. కానీ ఆ ఒపీనియన్‌లో ఏం రాశారని అడగ్గానే అవతలి ప్లీడరు అభ్యంతరం చెబుతారు. ఆ అభ్యంతరం నిలబడుతుంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ ప్రకారం, క్లయింటు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వకీలు తానిచ్చిన సలహా బయటపెట్టకూడదు. మీ దావా అంతకుముందుదైతే పాత ఎవిడెన్స్ యాక్టు 126 వర్తిస్తుంది, సారం అదే. ఇక్కడ క్లయింటు ప్రభుత్వం. పదవి దిగిపోయినా ఈ కట్టుబాటు పోదు. ఆయనకు మీ మీద ఎంత అభిమానం ఉన్నా, ‘చెప్తాను లెండి’ అనే హక్కు ఆయనది కాదు. నేరానికో మోసానికో ఆ సలహా వాడుకుని ఉంటే సంగతి వేరు, మీరు అలాంటి ఆరోపణ చేయడం లేదు. జీపీ ప్రాక్టీసు చేసే అడ్వకేటు కాబట్టి ఈ రక్షణ పూర్తిగా ఉంది. సంస్థలో జీతానికి పనిచేసే లా ఆఫీసరుకు 132 వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 31న చెప్పింది.

కోర్టు వరండాలో మీ ఎదుటే ఆయన ఏదైనా అని ఉంటే అది క్లయింటుతో ఆడిన మాట కాదు కనుక ఈ రక్షణ కిందకు రాదు. అయితే రాజీ బేరంలో ‘దీన్ని సాక్ష్యంగా వాడకూడదు’ అనుకుని చెప్పినదైతే పనికిరాదు. ఉట్టి కబురైతే జడ్జి గారు దానికి విలువ ఇవ్వరు, నన్నడిగితే నేనూ ఇవ్వను.

ఇంతకీ ఒపీనియన్ వెంట ఎందుకు పడుతున్నారు? అది ఒక వకీలు అభిప్రాయం, భూమి హక్కుకు రుజువు కాదు. రహస్యం సలహాకే, భూమి చరిత్రకు లేదు. మన వైపు చాలా ఊళ్లు ఒకప్పుడు జమీందారీలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద మీ తాత గారికి రైత్వారీ పట్టా (రైతు పేర ప్రభుత్వం ఇచ్చిన హక్కు పత్రం) వచ్చి ఉంటే దాని ముందు ఏ ఒపీనియనూ నిలవదు. సెటిల్‌మెంట్ రికార్డు, అడంగల్, శిస్తు రశీదులు వెతకండి, రెవెన్యూ రికార్డులకు సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి.

తహసీల్దారును రికార్డులతో సహా సాక్షిగా పిలిపించండి. ఏదైనా కాగితం చూపడానికి అభ్యంతరం ఉన్నా ఆయన దాన్ని కోర్టుకు తేవాల్సిందే, అభ్యంతరం సబబో కాదో తేల్చేది కోర్టు. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు) ఖరారైన 15 రోజుల్లో సాక్షుల జాబితా వేయాలి. గడువు దాటితే కారణం చూపి అనుమతి కోరమని మీ ప్లీడరు గారికి చెప్పండి.