ఆ చీటీ నేను చదివాను

రాయగడ,
కార్తీక పౌర్ణమి మర్నాడు

అమ్మా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నచ్చింది, రెండోసారి నచ్చలేదు. ఆ రెండోసారి గురించే ఈ ఉత్తరం.

స్టేషన్, చలి, పడమటి ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి వచ్చి ఇటుక బట్టీలకి పోతున్న కూలీలు, మూటలు, మూటల మధ్య చంటిపిల్లతో ఒక తల్లి. ఇంతవరకూ అన్నీ నువ్వు కళ్ళారా చూసినవే. తెలుస్తోంది. రేకు డబ్బాకి తాడు కట్టి భుజాన వేసుకున్నారని రాశావే, అది చూడనివాళ్ళు రాయలేరు. ఆ తర్వాత నీ కథానాయిక ఒక బిస్కెట్ ప్యాకెట్ కొని ఆ తల్లికిస్తుంది. "ఆమె కళ్ళల్లో వెయ్యేళ్ళ విషాదం" అని రాశావు. ఆవిడకి మహా అయితే పాతికేళ్ళుంటాయి. వెయ్యేళ్ళు ఎక్కడివమ్మా? తర్వాత రైలు వెళ్ళిపోతుంది, కథానాయిక ఏడుస్తుంది, కథ అయిపోతుంది.

ఆ తల్లి కథలో ఒక్క మాట కూడా మాట్లాడదు. ఏ ఊరో, ఎవరికి ఎంత బాకీయో, ఎక్కడ దిగుతుందో మనకి తెలియదు. నీకూ తెలియదు. అడగలేదు కాబట్టి.

నిన్ను తిట్టడం లేదు. ఇదే కథ నేను ఇంతకన్నా అన్యాయంగా రాశాను. కవితగా రాశాను, పైగా దానికి మెచ్చుకోళ్ళు కూడా వచ్చాయి. అది ఎలా పుట్టిందో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నీకు చెప్తాను.

1997 ఫిబ్రవరి. పార్వతీపురంలో మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళి. నేను ఇక్కడ మన స్టేషన్లో బండి కోసం కూర్చున్నాను. పక్క బెంచీ దగ్గర నేల మీద ఒక కుటుంబం. మొగుడూ పెళ్ళాం, ఎనిమిదేళ్ళ పిల్లాడు. బట్టీల్లో పని మంచి జోరు మీదుండే రోజులవి, ఎండలు ముదిరేదాకా ఎవరూ తిరిగి రారు. వీళ్ళు ఫిబ్రవరిలోనే వచ్చేశారంటే పారిపోయి వచ్చారన్నమాట. ఈ సంగతి ఇప్పుడు చెప్తున్నాను గానీ అప్పుడు నాకు తట్టలేదు.

పిల్లాడు అవతలి లైన్లో వెళ్తున్న గూడ్సు పెట్టెలు లెక్కపెడుతున్నాడు. తెలుగులో! ముప్పై ఒకటి, ముప్పై రెండు, ముప్పై మూడు... ఎక్కడా తడబడటం లేదు. వాడి భాష సంబల్పురీ, బలంగీర్ వైపు మాట. మన అంకెలు వాడికి ఏ బడిలో వచ్చాయనుకున్నావు? పచ్చి ఇటుకలు తిరగేస్తూ నేర్చుకున్నవి. ఆఖరి పెట్టె దాటాక నా వైపు తిరిగి నవ్వాడు.

నేను ఎవరితోనో తెలుగులో మాట్లాడటం విని ఆ తండ్రి దగ్గరకొచ్చాడు. రొంటిన కట్టుకున్న ప్లాస్టిక్ సంచీలోంచి ఒక కాగితం తీశాడు. రూళ్ళ నోటుబుక్కులోంచి చింపిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది. చదివిపెట్టమన్నాడు. తెలుగు రాత. పైన "అడ్వాన్సు 6,000". కింద జమ అని ఒకే ఒక్క వరస. దాని కింద వారం ఖర్చులు, మందులు, రైలు ఛార్జీలు, "నాగాలు 11", వానకి పోయిన ఇటుక. అన్నిటికన్నా కింద రెండు గీతల మధ్య "బాకీ 4,350".

నాలుగు నెలలు ముగ్గురు పనిచేస్తే వచ్చిన ఫలితం అది.

నేనేం చేశానో తెలుసా? పైనుంచి కింద దాకా చూసి, ఒడియాలో, "ఇంకా నాలుగు వేల మూడు వందల యాభై ఇవ్వాలట" అన్నాను. కాగితం ఇచ్చేశాను. అతను దాన్ని మళ్ళీ అవే మడతల మీద మడిచాడు. అతని భార్య ఏదో అడగబోయింది. అంతలో నా బండి వచ్చింది. ఎక్కుతూ నాలో నేను అనుకున్న మాట ఇప్పటికీ గుర్తుంది: మనకెందుకొచ్చిన గొడవ.

పెళ్ళిలో రెండు పూటలా తిన్నాను. తిరిగొచ్చాక కవిత రాశాను. అందులో నెత్తురు, చెమట, మట్టి, చీకటి అన్నీ ఉన్నాయి. చీటీ లేదు. పిల్లాడి లెక్క కూడా లేదు. వాడు నవ్వాడు కదా, ఆ నవ్వు నా కవితలోని దుఃఖానికి అడ్డొచ్చింది, తీసేశాను.

చాలా ఏళ్ళ తర్వాత ఒక వకీలు మిత్రుడి దగ్గర ఈ సంగతి ఊరికే మాటల్లో చెప్తే, ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976 నుంచీ ఉంది. అది వెట్టి అని తేలితే ఆ అప్పు అప్పే కాదు, రద్దయిపోతుంది. వెట్టి కాదు, మామూలు అప్పే అని నిరూపించుకోవాల్సిన భారం కూలీది కాదు, అప్పిచ్చినవాడిది. కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో చెప్పింది. ఇక అప్పట్లో అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం ప్రకారం, కూలీని తీసుకెళ్ళే కాంట్రాక్టరు అతని చేతికి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాల్సి ఉండేది. హిందీ, ఇంగ్లీషులతో పాటు కూలీ సొంత భాషలో కూడా రాసి ఇవ్వాల్సి ఉండేది.

అతని భాషలో! అతని రొంటిన ఉన్నదేమో నా భాషలో రాసిన చీటీ. ఆ ప్లాట్‌ఫాం మీద అది చదవగలిగినవాణ్ణి, అందులో ఏముందో అతని చెవికెక్కేలా చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. దాన్ని అప్పు కాగితంగా చదివాను. మా వకీలు దాన్ని సాక్ష్యం అన్నాడు.

అందుకే నీకు చెప్తున్నాను. సరిహద్దులో పుట్టినవాళ్ళం. రెండు భాషలు మనకి పుట్టుకతోనే వచ్చాయి, దాని కోసం మనం కష్టపడిందేమీ లేదు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో కొండవాళ్ళ కువి భాష నాలుగు ముక్కలు. 1936 ఏప్రిల్ ఒకటిన ఒడిశాని వేరు రాష్ట్రం చేసి గీత గీసినవాళ్ళు మనల్ని ఇటు వదిలేశారని మా నాన్న చచ్చేదాకా బాధపడేవాడు. సభల్లో మన భాషకి గౌరవం లేదని నేనూ బోలెడు ఉపన్యాసాలిచ్చాను. ఆ ఉపన్యాసాలకి తీసుకున్న శ్రమలో పావు వంతు ఆ రోజు చీటీ మీద పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

మన పక్క పర్లాకిమిడినే తీసుకో. గిడుగు రామమూర్తిగారు 1880లో అక్కడ బడిపంతులుగా చేరారు. వ్యావహారిక భాష గొడవ అందరికీ తెలుసు, ఏటా ఆగస్టు 29న దండలు వేస్తాం. అంతకన్నా ముందు ఆయన చేసిన పని నాకు ఎక్కువ ఇష్టం. కొండల మీంచి దిగి వచ్చే సవరల మాట అర్థం కావడం లేదని, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టారు. సవరల మీద ఆయన పద్యాలు రాశారేమో నాకు తెలియదు, రాసినా రాయకపోయినా నాకు పట్టింపు లేదు.

నీ ఉత్తరంలో ఒక ప్రశ్న అడిగావు. రాస్తే ఏం ఒరుగుతుంది మాస్టారూ అని. రాతల్లో కథలూ కవితలే ఉంటాయనుకుంటున్నావు నువ్వు. వెట్టి కూలీల విడుదల కోసం పనిచేసే బంధువా ముక్తి మోర్చా క్వారీ కూలీల తరఫున నడిపిన కేసు సుప్రీంకోర్టులో దేనితో మొదలైందో తెలుసా? ఒక ఉత్తరంతో. జడ్జి పేరు మీద వచ్చిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. ఆ ఉత్తరంలో ఉపమానాలు ఉన్నాయనుకోను. ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్ళుగా, ఏం జరుగుతోంది, ఇవి ఉంటాయి. నీకు అలా రాయడం వస్తే కథ కూడా దానంతటదే బాగుపడుతుంది.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మానవ హక్కుల ప్రకటన 1948 డిసెంబరు 10న వచ్చింది. దాని మొదటి అధికరణంలో మొదట "మగవాళ్ళు" అని అర్థం చేసుకునే వీలున్న మాట ఉండేది. హంసా మెహతా అని మన దేశం నుంచి వెళ్ళిన ఆవిడ పట్టుబట్టి దాన్ని "మనుషులందరూ" అని మార్పించింది. నీ కథలో ఆ తల్లిని ఎన్నిసార్లు "ఆ అభాగ్యురాలు" అన్నావో లెక్కపెట్టాను. ఏడుసార్లు. ఆవిడ రోజుకి వెయ్యి ఇటుకలకి తక్కువ కాకుండా మట్టి పిసికి అందించే మనిషి. అభాగ్యురాలు అనగానే ఆ చేతులు మాయమైపోతాయి.

2013 డిసెంబరులో కలహండి కూలీలు ఇద్దరికి కాంట్రాక్టరు మనుషులు కుడి చేతులు నరికేశారు. అప్పుడు నువ్వింకా బళ్ళో ఉండి ఉంటావు. ఆ వారం మా సాహితీ మిత్రులందరం రాశాం. నేనూ రాశాను. రెండు వారాలయ్యాక అందరం సంక్రాంతి పనుల్లో పడ్డాం. ఆ జనవరిలో కూడా బండ్లు నిండా కూలీలతో మన స్టేషన్ దాటుకునే వెళ్ళాయి, వాళ్ళ రొంట్లో చీటీలతో. నెత్తురు కనబడితే తప్ప మనకి మెలకువ రాదు. దాన్ని దయ అని నేను అనలేను.

అయితే ఏం చెయ్యాలి? నాకు తెలిసినవి చెప్తాను, వరసగా కాదు, గుర్తొచ్చినట్టు.

అడుగు. కొత్త బియ్యం పండగ నువాఖాయి దాటాక సర్దార్ (కూలీల్ని కుదుర్చుకునేవాడు) ఇంటికొచ్చి దాదన్, అంటే అడ్వాన్సు, ఎంత ఇచ్చాడు, ఎవరి ముందు ఇచ్చాడు, వెయ్యి ఇటుకకి ఎంతన్నాడు. పథురియా అంటే ఏమిటో అడుగు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక పిల్లో పిల్లాడో కలిస్తే ఒక పథురియా. చూశావా, పిల్లాడు ఆ లెక్కలో ముందే ఉన్నాడు. వాన పడి పచ్చి ఇటుక పాడైతే నష్టం ఎవరి ఖాతాలో వేస్తారు? జ్వరం వస్తే? ఊళ్ళో తల్లి పోతే పంపిస్తారా? ఈ ప్రశ్నలకి జవాబులు రాసుకో. కళ్ళల్లో విషాదం వెతకక్కర్లేదు.

వాళ్ళు చెప్పిందంతా అచ్చులో పెట్టకు. ఇది గట్టిగా చెప్తున్నాను. వచ్చే ఏడాది అదే సర్దార్ అదే ఊరికి వస్తాడు. పేరు, ఊరు, పిల్లల వయసు, చేతి మీద పచ్చబొట్టు, ఏది చూసి గుర్తుపడతారో అది మార్చు. ఫోన్ తీసి ఫొటోలు కొట్టకు. అడిగి, ఒప్పుకుంటేనే రాయి. వద్దంటే నీ కథ ఎంత గొప్పదైనా అది నీది కాదు.

బట్టీల మీద గుమాస్తాలు, మేస్త్రీలు చాలామంది మన భాషవాళ్ళే. ఆ తిట్లు మన తిట్లే. తిరిగొచ్చిన పిల్లలకి అంకెలతో పాటు అవి కూడా వస్తాయి. ఇది రాస్తే మనవాళ్ళు కొందరు నొచ్చుకుంటారు, మీ ఇంట్లో కూడా. మీ అమ్మ "మనకెందుకే" అంటోందని రాశావు. ఆవిడ మీద కోపం తెచ్చుకోకు. ఆడపిల్ల, ఒంటరిగా స్టేషన్, కాంట్రాక్టర్లు... ఆ భయం న్యాయమైనదే. ఒంటరిగా వెళ్ళకు. వాళ్ళతో వాదనకి దిగకు. ఆవిడ "మనకెందుకు" వెనక నువ్వున్నావు. నా దాని వెనక పెళ్ళిభోజనం తప్ప ఏమీ లేదు.

ఎవరైనా చీటీ చూపిస్తే మాత్రం మొత్తం చదువు. పై నుంచి కింద దాకా, ఒక్కొక్క వరసా, జమ ఎంత, నాగాలకి ఎంత కోశారు, ఎందుకు కోశారు, అన్నీ వాళ్ళకి చెప్పు. వాళ్ళు సరేనంటే ఒక నకలు రాసుకో. చిరిగిన కాగితం పోయినా నీ దగ్గర ఒకటి ఉంటుంది. ఆ తర్వాత ఏ ఆఫీసుకి, ఎవరి దగ్గరికి అనేది మా వకీలు చూసుకుంటాడు. ముసలివాడైపోయాడు గానీ ఇంకా నాకన్నా నయం. నిన్ను పరిచయం చేస్తాను.

ఏ పత్రికకి పంపమంటారు అని చివర్లో అడిగావు. ఇప్పుడే ఎక్కడికీ పంపకు. కథ తిరిగి పంపుతున్నాను, అంచుల్లో పెన్సిల్ గీతలు నావే. రేకు డబ్బా వాక్యం ముట్టుకోకు.

ఆదివారం వీలైతే రా, మీ తమ్ముణ్ణి తోడు తెచ్చుకో. సాయంత్రం బండి వేళకి స్టేషన్‌కి వెళ్దాం. నా మోకాళ్ళతో మెట్లెక్కడం కష్టం, మొదటి ప్లాట్‌ఫాం మీదే కూర్చుంటాను. తెల్ల కాగితాలు, రెండు పెన్నులు తెచ్చుకో. నా ఒడియా బరంపురం ఒడియా, బలంగీర్ వాళ్ళకి సగమే అర్థమవుతుంది. స్టేషన్ బయట బారా, ఘుగునీ అమ్మే ఆవిడది అటు బలంగీర్ వైపే, కాంటాబంజి దగ్గర పుట్టిల్లు. ముందే మాట్లాడి ఉంచాను, బేరం తగ్గాక కాసేపు వచ్చి కూర్చుంటానంది.

మీ మాస్టారు