తిండి కోసమే సింగపూర్ పోతే ఎంతవుతుంది?

ప్రశ్న: మాది కర్నూలు. ఇరవై ఏళ్లుగా టిఫిన్ హోటలు నడుపుతున్నాం. పొద్దున ఉగ్గాని బజ్జి, దోసె, సాయంత్రం మిరపకాయ బజ్జి. హోటలు ఖర్చులు పోను నెలకు 90 వేల దాకా మిగులుతుంది. అమ్మాయి బీటెక్ రెండో సంవత్సరం. అప్పుల్లేవు. రిజిస్టర్డ్ కంపెనీలో 5 లక్షల చీటీ ఉంది, 20 నెలలది, 14 కట్టేశాం. అమ్మాయి పై చదువు కోసమని వేసిన చీటీ. నాకూ నా భార్యకూ ఉన్న కోరిక ఒక్కటే: వేరే దేశాల్లో జనం ఏం తింటారో పోయి తినాలని. తిరిగొచ్చినవాళ్లు ఫలానా ఊళ్లో ఫలానా చోట తినండి, తాగండి అని చెప్పినవన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నా. సింగపూర్, ఇస్తాంబుల్, నేపుల్స్, వెనిస్. ట్రావెల్స్ వాళ్లు మూడు దేశాలకు ఇద్దరికీ కలిపి 6 లక్షల 40 వేలు ప్యాకేజీ చెప్తున్నారు. చీటీ పాడి, మిగతాదానికి 2 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుందామా? హోటలు వాళ్లమే కదా, ఈ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపించొచ్చా?

జవాబు: అన్నా, చివరి ప్రశ్నకు జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తా. చూపించకూడదు. మీలాంటి హోటళ్లు చాలావరకు టర్నోవరులో 8 శాతం లేదా 6 శాతం లాభంగా లెక్కగట్టే అంచనా పద్ధతిలోనే రిటర్న్ వేస్తాయి. ఆ పద్ధతిలో ఖర్చులన్నీ అప్పటికే తీసేసినట్టు లెక్క, విడిగా చూపించడానికి జాగా లేదు. పూర్తి లెక్కల పుస్తకాలు రాసేవాళ్లయినా, పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చునే చూపించాలి. ఆలుమగలు కలిసి సరదాగా తిని రావడం అందులోకి రాదు. ఇంకో మాట కూడా అనాలనిపిస్తోంది. ఇరవై ఏళ్లు తెల్లవారకముందే పొయ్యి ముట్టించిన మనుషులు మీరిద్దరూ. ఈ ప్రయాణానికి పెట్టుబడి అని పేరు పెట్టాల్సిన పనిలేదు. సరదా అని పేరు పెట్టుకుని, సరదాకని దాచిన డబ్బుతో పోండి.

ఇక అసలు విషయం. మీ నోటుబుక్కు పేజీలు పంపారు, అన్నీ చదివాను. అందులో ఊరు ఉంది, వంటకం ఉంది, కొన్నిచోట్ల ధర కూడా ఉంది. ఎవరు ఏ సంవత్సరం తిన్నారన్నది మాత్రం ఎక్కడా లేదు. డబ్బు లెక్కకు కావాల్సింది మొదట అదే.

సింగపూర్ చైనాటౌన్ కాంప్లెక్సులో 2 డాలర్లకు సోయా సాస్ చికెన్ అని రాసుకున్నారు. అది 2016 నాటి మాట. ఆ ఏడాది చాన్ హాన్ మెంగ్ అనే ఆయన స్టాల్‌కు, మంచి వంటకు ఇచ్చే పేరున్న గుర్తింపు మిషెలిన్ స్టార్ వచ్చింది, ప్రపంచంలోనే అతి చవకైన స్టార్ భోజనమని పేపర్లన్నీ రాశాయి. 2021లో ఆ స్టార్ పోయింది. మీ పుస్తకంలో మాత్రం స్టారూ అలాగే ఉంది, 2 డాలర్లూ అలాగే ఉన్నాయి. ఇస్తాంబుల్ పేజీ సంగతి ఇంకా కష్టం. తుర్కియేలో 2022 అక్టోబరు నాటికి ధరల పెరుగుదల ఏడాదికి 85 శాతం దాటిందని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. అంతకు ముందు ఎవరో తిన్న కబాబు ధర లీరాల్లో రాసుకుంటే, అది ఇప్పుడు దేనికీ పనికిరాదు. ఆ పేజీలో ధరలన్నీ కొట్టేయండి, పేర్లు ఉంచుకోండి.

వెనిస్ పేజీలో ఫ్లోరియన్ అని ఉంది. ఊరి పెద్ద చౌకులో 1720 నుంచీ నడుస్తున్న కాఫీ హౌసు. అక్కడ కూర్చుని కాఫీ తాగితే మీరు కట్టేది కాఫీకి కాదు, ఆ చౌకులో కుర్చీకి. బయట వాద్యాలు మోగుతుంటే సంగీతానికి మనిషికింత అని బిల్లులో వేరే వేస్తారు. ఇటలీలో మామూలు కాఫీ కొట్లలోనూ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. హోటళ్లలో 'కోపెర్తో' అని తలకింత వేస్తారు, తిన్నదానితో దానికి సంబంధం లేదు. నేపుల్స్‌లో 1870 నాటి డా మికేలె పిజ్జా రాసుకున్నారు, అది నిజంగానే ఖరీదైనది కాదు. కానీ దాని ముందు క్యూ చాలా పొడుగు. ఎండలో నిలబడే గంటన్నరను కూడా లెక్కలో వేసుకోవాలి, వదినకు మోకాళ్ల నొప్పులని మీరే రాశారు.

ఇప్పుడు అసలు లెక్క. మీ పుస్తకంలోని నాలుగు ఊళ్లలో నేను ఒక్క సింగపూర్‌నే తీసుకుంటున్నా. కారణం మీలాంటి తిండి మనుషులకు బాగా తెలుస్తుంది. అక్కడ వీధుల్లో బండ్లమీద అమ్ముకునేవాళ్లను ప్రభుత్వం 1970ల్లో కప్పున్న పెద్ద పెద్ద షెడ్లలోకి తెచ్చి కుళాయి నీళ్లు, మురుగు కాలువ ఇచ్చి కూర్చోబెట్టింది. వాటినే హాకర్ సెంటర్లంటారు. 2020 డిసెంబరులో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక్క చైనాటౌన్ కాంప్లెక్సులోనే 200కు పైగా తిండి స్టాళ్లు. చాలా స్టాళ్లలో ఒకటో రెండో వంటకాలే, ఏళ్ల తరబడి అవే. ఒకచోట కోడి ఉడికించిన నీళ్లతోనే వండిన అన్నం, పక్కన కోడి ముక్కలు, అల్లం మిరపకాయ పచ్చడి. ఇంకోచోట కొబ్బరిపాల పులుసులో నూడుల్స్. మీరు ముందుగా కాఫీ స్టాల్ దగ్గర ఆగుతారని నాకు తెలుసు. పొడుగాటి గుడ్డ సంచిలో డికాక్షన్ వడగట్టి, డబ్బాపాలు పోసి ఇస్తే కోపి. పాలు లేకుండా చక్కెరతో అయితే కోపి ఓ. టీని ఎత్తు నుంచి తిరగబోసి నురగ తెప్పిస్తే తే తారిక్. బల్లమీద చిన్న టిష్యూ పొట్లం పెట్టి ఉంటే అది ఎవరో పట్టుకున్న బల్లని అర్థం, అక్కడ కూర్చోకండి. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి. 2021 నుంచి పెట్టకపోతే జరిమానా కూడా ఉంది.

సింగపూర్ డాలరు 70 రూపాయల దగ్గర ఉందనుకుందాం. చికెన్ రైసు 5, 6 డాలర్లు, కాఫీ ఒకటిన్నర, రెండు డాలర్లు. ఇద్దరూ మూడు పూటలా తిని, మధ్యలో రుచి చూడ్డానికి ఇంకో రెండు ప్లేట్లు తీసుకున్నా రోజుకు 50 డాలర్లు దాటదు. అంటే 3,500 రూపాయలు, ఆరు రోజులకు 21 వేలు. బీరు మాత్రం ఈ లెక్కలో లేదు. అక్కడ మద్యం మీద సుంకం బాగా ఎక్కువ, రెండు సీసాలు తాగితే ఒక పూట ఇద్దరి భోజనం ఖర్చు లేచిపోతుంది. మామూలు రెస్టారెంట్లలో మెనూ ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, 10 శాతం సర్వీసు చార్జీ, దానిమీద 9 శాతం జీఎస్టీ అదనమని అర్థం. హాకర్ సెంటర్లలో ఈ సర్వీసు చార్జీ బెడద లేదు.

హైదరాబాదు నుంచి ఇద్దరికి విమానం రానూపోనూ, ముందే కొంటే 50 వేలనుకోండి. అక్కడ చవక గది కూడా రాత్రికి 8 వేల పైనే, ఐదు రాత్రులకు 42 వేలు. వీసా, ప్రయాణ బీమా, అక్కడ రైళ్లు బస్సులు, కర్నూలు నుంచి ఎయిర్‌పోర్టుకు కారు, చూసే చోట్ల టికెట్లు అన్నీ కలిపి 30 వేలు. తిండితో కలిపి 1,43,000. మీరు ఉత్తరంలో రాయని ఖర్చు ఇంకొకటుంది. ఎనిమిది రోజులు హోటలు మూస్తే రోజుకు 3 వేల చొప్పున మీకు రావాల్సిన 24 వేలు రావు. మాస్టరుకూ పనివాళ్లకూ ఆ రోజులకు కూలి ఇవ్వకపోతే పక్క హోటలుకు పోతారు, కాబట్టి రోజుకు 1,500 చొప్పున 12 వేలు. మొత్తం 1,79,000. చేతిలో 1,90,000 ఉంటే నిశ్చింతగా పోయి రావచ్చు. ఇందులో తిండి వాటా ఎనిమిదో వంతు కూడా లేదు చూడండి. తిండి కోసం పోయేవాళ్లకు తిండి దగ్గర పొదుపు చేయాల్సిన అవసరమే లేదు. దేశాలు పెంచుకుంటూ పోతే పెరిగేది విమానం, గది, మూసిన షట్టరు. ఒక ఊరు, ఆరు రోజులు.

ప్యాకేజీ వద్దని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణముంది. మన దగ్గర్నుంచి పోయే గ్రూపు టూర్లలో చాలావాటికి రాత్రి భోజనం ఇండియన్ రెస్టారెంటులో ముందే కట్టేసి ఉంటుంది. పొద్దున హోటల్లో బఫే. మధ్యలో బస్సు ఎక్కడ ఆపితే అక్కడ తినాలి. మీ నోటుబుక్కులోని ఒక్క చోటుకు కూడా ఆ బస్సు పోదు. అంత డబ్బు కట్టి ఇస్తాంబుల్‌లో పనీర్ బటర్ మసాలా తినొస్తారు, అది నాకు నిజంగా బాధ. పైగా విదేశీ ప్యాకేజీకి మొదటి రూపాయి నుంచే టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. రిటర్న్ వేశాక అది సర్దుబాటవుతుంది, కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. టికెట్టూ గదీ మీరే విడిగా కొనుక్కుంటే అది ఉండదు. అమ్మాయికి చెప్తే ఒక సాయంత్రంలో చేసిపెడుతుంది.

చీటీ సంగతి. 15వ నెలలో పాట 60 వేల దగ్గర ఆగిందనుకోండి, మీ చేతికి 4,40,000 వస్తుంది. చివరిదాకా ఆగితే, కంపెనీ కమిషన్ 5 శాతమనుకుంటే, 25 వేలు పోను 4,75,000. తేడా 35 వేలు. పైన చెప్పిన ఆరు రోజుల తిండి ఖర్చు కంటే అది ఎక్కువ. పాడుకున్నాక మిగిలిన వాయిదాలకు జామీను కూడా అడుగుతారు. అన్నిటికీ మించి అది అమ్మాయి పేరు మీద పెట్టుకున్న డబ్బు, రెండేళ్లలో దాని అవసరం ముంచుకొస్తుంది. దాని జోలికి పోవద్దు. పర్సనల్ లోన్ 2 లక్షలు 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 6,835 చొప్పున కట్టి, వడ్డీ కిందే 46 వేలు పోస్తారు. తిని వచ్చిన ఇడ్లీకి మూడేళ్లు కంతులు కట్టమని ఏ గిరాకీకైనా మీరు చెప్తారా? బంగారం కుదువ పెట్టడం గురించి రాయలేదు కానీ, ఆ ఆలోచన ఉంటే అదీ వద్దు.

దారి ఇది. గల్లాపెట్టెలోంచి రోజూ రాత్రి 300 రూపాయలు తీసి పక్కన పెట్టండి. నెలకు 9 వేలు. బ్యాంకులో 20 నెలల ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, కట్టండి. ఆరున్నర శాతం వడ్డీ వచ్చినా చివర్లో 1,90,000 చేతికొస్తుంది. ఇరవై నెలల్లో కావాల్సిన డబ్బును షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టకూడదు, టికెట్లు కొనే నెలలోనే మార్కెట్ పడితే ఏం చేస్తారు? ఎక్కువ వడ్డీ ఇస్తామనే చిన్న సొసైటీల దగ్గరికీ వద్దు. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా రక్షణ ఉంటుంది.

దీనికంటే ముందు చేయాల్సినది ఒకటుంది. మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసే లేదు. మీరు మంచం పడితే హోటలు కూడా మూతపడే ఇల్లు మీది. ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి భారం కొంచెం తగ్గింది. వదిన మోకాళ్ల సంగతి ఫారంలో దాచకుండా రాయండి. ఆరు నెలల్లో చీటీ అయిపోయాక, నెలనెలా మిగిలే 25 వేల వాయిదా డబ్బును ముందు అత్యవసర నిధికి మళ్లించండి, ఇంటి ఖర్చూ పనివాళ్ల జీతాలూ ఆరు నెలలకు సరిపడేదాకా.

పోయేటప్పుడు చూసుకోవాల్సినవి. చైనీస్ కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, అప్పుడు హాకర్ స్టాళ్లు చాలావరకు కొన్ని రోజులు మూసేస్తారు. సంక్రాంతికి మాస్టరు ఎటూ ఊరికి పోతాడు కదా అని ఆ సెలవులు సాగదీసి అటు పోవద్దు. వారంలో సోమవారం సెలవు పెట్టే స్టాళ్లు ఎక్కువ. శుభ్రం చేయడానికి ఒక్కో సెంటరును మొత్తం మూసే రోజులు కూడా ఉంటాయి, ఆ తేదీలు ముందే ప్రకటిస్తారు. వదిన శనివారం నీసు ముట్టదు కాబట్టి ఆ రోజు సెరంగూన్ రోడ్డుకు పోండి. 1947 నుంచి ఉన్న శాకాహార హోటలు కోమల విలాస్ అక్కడే ఉంది, దగ్గర్లో టెక్కా సెంటర్ అనే హాకర్ సెంటరు ఉంది. చాలా నూడుల్స్ వంటకాల్లో పంది కొవ్వు వేస్తారు, పనికిరాకపోతే హలాల్ బోర్డున్న స్టాల్ చూసుకోండి. గొడ్డుమాంసం మాత్రం అక్కడా ఉండొచ్చు, అడిగి తినండి.

డబ్బు కట్టేటప్పుడు కార్డు మిషన్ మీద ఒక ప్రశ్న వస్తుంది: రూపాయల్లో తీయమంటారా, సింగపూర్ డాలర్లలోనా? రూపాయలు కనబడగానే ప్రాణం లేచొస్తుంది, కానీ ఎప్పుడూ డాలర్లే నొక్కండి. రూపాయల్లో నొక్కితే మారకం రేటు ఆ మిషన్ వాళ్లు వేసింది, మనకు నష్టం. మామూలు క్రెడిట్ కార్డు మీద 3.5 శాతం దాకా విదేశీ మార్కప్ అనే అదనపు చార్జీ, దానిమీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. లక్ష గీకితే 4,130 రూపాయలు అలా పోతాయి. బ్యాంకులో ముందే డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకుని గదికీ రైళ్లకూ అది వాడండి. స్టాళ్లకు మాత్రం ఒక 200 డాలర్లు నోట్లు ఉంచుకోండి. మన యూపీఐకి, అలాంటిదే అయిన అక్కడి పేనౌకి 2023 ఫిబ్రవరిలో లంకె వేశారు కానీ, చికెన్ రైసు స్టాల్ దగ్గర ఫోను మీదే ఆధారపడి నిలబడొద్దు. సింగపూర్‌లో దిగే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు అనే ఫారం నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.

పాస్‌పోర్టులు లేవని రాశారు. మామూలు 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500, తొందరేం లేదు కాబట్టి తత్కాల్‌కు పోవద్దు. ఇద్దరివీ పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌లో ఒకరకంగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోరకంగా ఉంటే ముందు అవి సరిచేయించండి. ఆర్డీ మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి. చీటీ వాయిదా 10వ తారీఖున పడుతుంది కాబట్టి, ఆర్డీకి 22వ తారీఖు పెట్టమని బ్యాంకులో చెప్పండి.