లాంగ్‌టర్మ్‌లో అలసిపోయిన అమ్మాయిని మళ్లీ హాస్టల్‌కి పంపాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయికి మొదటిసారి నీట్‌లో సీటు రాలేదు. హైదరాబాద్‌లో హాస్టల్లో పెట్టి లాంగ్‌టర్మ్ (మళ్లీ రాయడానికి ఏడాదంతా కోచింగ్) చదివిస్తున్నాం. రోజుకు 14 గంటలు చదువుతున్నానంటుంది. మొదట్లో వీక్లీ టెస్టుల్లో 500 దాకా వచ్చేవి, ఇప్పుడు 430 దాటడం లేదు. దసరాకు ఇంటికొచ్చింది. అన్నం ముందు కూర్చున్నా టైమ్ పోతోందని కంగారు, పుస్తకం తెరిస్తే ఏడుపు. తిరిగి పంపాలా, మాన్పించాలా?
- ఓ తల్లి

జవాబు: అమ్మా, ఆ రెండింటిలో ఏదీ ఈ వారం తేల్చకండి. ఇంత అలసటలో పిల్ల ‘మానేస్తా’ అన్నా, ‘వెళ్తా’ అన్నా ఆ మాటను పట్టుకుని ముందుకు పోలేం. మూడు వారాలు గడువు పెట్టుకోండి. నీట్ మామూలుగా మే మొదటి ఆదివారం ఉంటుంది కాబట్టి దసరా నుంచి లెక్కేసుకున్నా దాదాపు ముప్పై వారాలున్నాయి. అందులో మూడు పోతే కొంప మునగదు. ఇప్పుడున్న తీరులోనే ముప్పై వారాలూ లాగితే మాత్రం మునుగుతుంది.

ముందు చివరి ఆరు వీక్లీ టెస్టుల పేపర్లు, కీ తెప్పించండి. తప్పుల్ని మూడు రకాలుగా విడదీయమనండి: అసలు తెలియనివి, తెలిసీ తప్పు పెట్టినవి, టైమ్ చాలక వదిలేసినవి. ‘సరికానిది ఏది’ అని అడిగితే సరైనదాన్ని గుర్తించడం, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకుండానే లెక్క చేసేయడం, ఓఎంఆర్‌లో ఒక వరుస కిందకి జారిపోవడం, ఇవన్నీ రెండో రకం. నీట్‌లో రైటుకు 4, తప్పుకు మైనస్ 1. అంటే తెలిసిన ప్రశ్న ఒక్కటి తప్పు పెడితే పోయేది 5 మార్కులు. మీ అమ్మాయికి తగ్గిన 70 మార్కులు అలాంటి 14 ప్రశ్నలతో సరి. 180 ప్రశ్నల పేపర్లో 14 జారడానికి సబ్జెక్టు రాకపోవాల్సిన పనిలేదు, నిద్ర చాలకపోతే చాలు. చదివే గంటలు పెరుగుతున్నకొద్దీ ఈ రెండో రకం తప్పులే పెరుగుతుంటే ఇంకా గంటలు పెంచమనడం మందు కాదు, అదే జబ్బు.

ఆ 14 గంటల్ని కూడా ఒకసారి పరీక్షించాలి. గంట చదివాక పుస్తకం మూసి, చూడకుండా ఐదు పాయింట్లు కాగితం మీద రాయమనండి. రాయలేకపోతే ఆ గంట లెక్కలోకి రాదు. తెల్లవారుజామున ఐదింటికి లేచి, రాత్రి పదకొండు దాటాకా స్టడీ అవర్‌లో కూర్చునే పిల్లలకు ఇలా లెక్క తీస్తే నిజంగా చదివింది సగానికి సగం పడిపోవడం మామూలే. పగలు చదివింది జ్ఞాపకంగా కుదురుకునేది నిద్రలోనే. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి, అంతకంటే చిన్నవాళ్లకు ఎనిమిది నుంచి పది. నిద్ర రాకుండా రాత్రి తొమ్మిదింటికి తాగే టీలో ఉన్న కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. పడుకున్నా సరిగా పట్టకపోవడానికి అదొక కారణం.

‘బర్నౌట్’ (ఒత్తిడితో పూర్తిగా డీలాపడిపోవడం) అని పేరు పెట్టేముందు రక్తపరీక్ష చేయించండి: సీబీపీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ది), వీలైతే బీ12, విటమిన్ డీ. హాస్టల్ ఆడపిల్లల్లో టిఫిన్ మానేసేవాళ్లు చాలామంది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టరుకు చూపించాల్సిందే, చాలాసార్లు కారణం ఐరన్ లోటే. ఐరన్ లోటుగా ఉండగా టైమ్‌టేబుల్ ఎంత మార్చినా కూర్చున్నచోటే కునుకు వస్తుంది.

ఇక మూడు వారాలు ఎలా గడపాలో చెబుతాను. మొదటి ఐదు రోజులు పుస్తకం వద్దు. మొదటి రెండ్రోజులు పది, పన్నెండు గంటలు పడుకున్నా లేపకండి. మూడో రోజునుంచి లేచే టైమ్ ఒకటే ఉండాలి. ఫోన్ మాటేమిటంటే, రీల్స్ చూస్తూ పడుకోవడం విశ్రాంతి కాదు, బుర్రకు ఇంకో పని. సాయంత్రం అరగంట నడక, ఇంట్లో చేతులు కదిలే పని, తోడబుట్టినవాళ్లతో కబుర్లు, ఇవి చాలు. బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల్ని మ్యూట్ చేయించండి. మూడో రోజుకో, నాలుగో రోజుకో అపరాధభావం గట్టిగా తిరగబడుతుంది: ‘వాళ్లు అప్పుడే మూడు చాప్టర్లు అయిపోగొట్టారు’ అని. చాలామంది అక్కడే బెదిరిపోయి బ్యాగు సర్దేస్తారు. అలా అనిపిస్తుందని ముందే చెప్పి ఉంచండి.

ఆరో రోజునుంచి పొద్దున 50 నిమిషాల చొప్పున రెండు సెషన్లు, అదీ బాగా వచ్చిన బయాలజీ చాప్టర్ ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో. కొత్తది ముట్టుకోకూడదు. రెండో వారం మధ్యలో నాలుగు సెషన్లు చేసి, వాటిలో ఒకటి మధ్యాహ్నం రెండింటికి పెట్టండి. నీట్ జరిగేది రెండు నుంచి ఐదు దాకా. రాత్రి పన్నెండింటికి చురుగ్గా, మధ్యాహ్నం మత్తుగా ఉండటానికి అలవాటుపడ్డ ఒంటిని ఈ వేళకు తిప్పుకోవడానికి వారాలు పడుతుంది. మూడో వారంలో ఆరు సెషన్లు. ఆ తర్వాత ఎప్పటికైనా క్లాసులు కలిపి రోజుకు తొమ్మిది, పది గంటలు దాటనివ్వకండి. ఆదివారం టెస్టు అయ్యాక మిగతా పూట సెలవు, పేపర్ అనాలిసిస్ సోమవారం.

ఇక్కడ సాధారణంగా బెడిసేవి రెండు. ఒకటి, విశ్రాంతి కూడా టార్గెట్ అయిపోవడం. నిద్ర లెక్కపెట్టే యాప్, ధ్యానానికి రోజువారీ లెక్క, ‘ఈ రోజు సరిగా రెస్ట్ తీసుకోలేదు’ అని మళ్లీ కంగారు. ఎప్పుడూ ఏదో ఒకటి సాధిస్తూ ఉండాలన్న ఆ పిచ్చే వేషం మార్చుకుని వస్తుంది. రెండోది, ఒక వారం బాగా సాగగానే ‘పోయిన రోజులు కవర్ చేస్తా’ అంటూ పదహారు గంటలకు ఎగబాకడం. పది రోజుల్లో మొదటికొస్తుంది. పోయిన చాప్టర్లలో పరీక్షలో మార్కులు తక్కువగా వచ్చేవి వదిలేయమని మీరే చెప్పాలి. ఆ మాట పిల్ల నోట రాదు.

అలసటకూ డిప్రెషన్‌కూ తేడా చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో బర్నౌట్‌ను జబ్బుగా కాక, ఉద్యోగ ఒత్తిడితో వచ్చే స్థితిగా చెప్పింది: ఓపిక హరించుకుపోవడం, పని మీద విరక్తి, చేయగలనన్న నమ్మకం సడలడం. మన పిల్లలకు చదువే ఉద్యోగం కాబట్టి లక్షణాలు అవే కనిపిస్తాయి. పుస్తకం పక్కన పెట్టాక నవ్వుతూ తిరుగుతుంటే అలసటే కావచ్చు. పది, పన్నెండు రోజుల విశ్రాంతి తర్వాతా దేనిమీదా ఆసక్తి లేక, తిండీ నిద్రా దారిలో పడకపోతే సైకియాట్రిస్టుకు చూపించండి. ‘నేను లేకపోతే మీకే నయం’ లాంటి మాట వస్తే వాయిదా వద్దు, అదే రోజు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మూడో వారం చివర ఆదివారం, రెండు నుంచి ఐదు దాకా, పాత నీట్ పేపర్ ఒకటి ఇంట్లో రాయించండి. మార్కులకంటే తెలిసీ తప్పు పెట్టినవి ఎన్నో చూడండి. అవి సగానికి తగ్గితే చదువు చెడలేదన్నమాట, తిరిగి వెళ్లొచ్చు. తెలియనివే ఎక్కువుంటే ఆ సెంటర్ వేగం ఈమెకు సరిపడలేదు. ఇంటి దగ్గరుండి టెస్ట్ సిరీస్ రాసుకోవడం, బలహీనమైన సబ్జెక్టుకు మాత్రం ట్యూషన్ పెట్టించుకోవడం నయం.

తిరిగి పంపితే పాత పద్ధతిలో పంపకండి. రాత్రి పదిన్నరకు స్టడీ అవర్ నుంచి వదలాలని, ఆదివారం సగం పూట సెలవివ్వాలని ప్రిన్సిపాల్‌ను కాగితం మీద అడగండి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల్లో కోచింగ్ రోజుకు ఐదు గంటలు మించకూడదని, వారానికోసారి సెలవు ఉండాలని, ఆ మర్నాడు టెస్టు పెట్టకూడదని ఉంది. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో వెనక్కివ్వాలనీ ఉంది. అమలు రాష్ట్రాల చేతుల్లో ఉంది కాబట్టి చెప్పగానే ఇచ్చేస్తారని నేననను. కానీ లెటర్ చేతిలో పెట్టి అడిగిన తల్లిదండ్రులతో మాట తీరు మారుతుంది. ‘లక్షలు కట్టాం కదా’ అన్న లెక్కను మాత్రం పిల్ల ముందు తీయకండి. అన్నం ముందు కంగారుపడటంలో ఆ మాటకూ వాటా ఉండొచ్చు.

నీట్ ఒక్కటే దారి కాకుండా రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ దరఖాస్తు కూడా వేయించండి. బైపీసీ వాళ్లకు బీఎస్సీ అగ్రికల్చర్, ఫార్మ్-డీ, బీఫార్మసీ దాంట్లోంచే. 160 ప్రశ్నలు, సగం బయాలజీ, మైనస్ మార్కుల్లేవు. సిలబస్ చాలావరకు కలుస్తుంది కాబట్టి కొత్తగా చదవాల్సింది తక్కువ. ఏప్రిల్‌లో రెండు, మూడు పాత పేపర్లు టైమ్ పెట్టుకుని రాస్తే సరిపోతుంది.