ఇంటర్నేషనల్ బిజినెస్ చదవాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య దీవెనలు.

ఇంటర్ మంచి మార్కులతో గట్టెక్కావని, ఇంటర్నేషనల్ బిజినెస్‌లో డిగ్రీ చేయాలని ఉందని, ఏ కాలేజీ మంచిదో అత్తయ్యనే అడగమని మీ నాన్న అన్నాడని రాశావు. సంతోషం. నా ఉద్యోగమంతా ఎగుమతుల కాగితాల మధ్యనే గడిచింది కాబట్టి తెలిసింది దాచుకోకుండా చెబుతాను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

కాలేజీ పేరు కంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఏ సరుకు గురించి, ఏ దేశం గురించి నిన్ను అడిగితే నిద్రలో లేపినా చెప్పగలిగేలా తయారవుతావు? ఈ రంగంలో ప్రపంచం మొత్తంతో వ్యాపారం చేసేవాళ్ళు ఎవరూ లేరు. గుంటూరు నుంచి ఒకరు చైనాకు మిర్చి పంపుతారు. భీమవరం వైపు నుంచి ఒకరు అమెరికాకు రొయ్యలు, కాకినాడ రేవు నుంచి ఒకరు ఆఫ్రికా దేశాలకు బియ్యం, హైదరాబాద్ నుంచి ఇంకొకరు మందులు పంపుతారు. పట్టా మీద ‘ఇంటర్నేషనల్’ అన్న మాట ఉన్నంత మాత్రాన వీళ్ళలో ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. తమ సరుకు, తమ మార్కెట్, తమ కాగితాలు తెలిసిన పిల్లలు దొరికితే మాత్రం వదలరు. అందుకే డిగ్రీని ఉద్యోగం వైపు నుంచి వెనక్కి చూసుకుంటూ వేసుకోవాలి.

నేను ఏం చెబుతున్నానో అర్థం కావాలంటే ఒక్క కంటైనర్‌ను దగ్గరగా చూడు. గుంటూరు యార్డులో కొన్న తేజ మిర్చి విదేశానికి వెళ్తోందనుకో. మొదట ఆ సరుకుకు హెచ్‌ఎస్ కోడ్, అంటే సరుకు ఏదో గుర్తించే అంకెలు, పెట్టాలి. అందులో మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతటా ఒకటే. మన దేశంలో వాటికి మరో రెండు చేర్చి ఎనిమిది చేస్తారు. ఎండుమిర్చి కాయగా వెళ్తే 0904 21, పొడి చేసి పంపితే 0904 22. అవతలి దేశంలో ఎంత సుంకం పడుతుంది, ఏ ఒప్పందం కింద రాయితీ వస్తుంది అనేవన్నీ ఆ అంకెలను పట్టుకునే తేలుతాయి. తరువాత ధర. ఎఫ్‌ఓబీ ధర చెబితే సరుకు ఓడ ఎక్కేదాకా ఖర్చూ బాధ్యతా మనవి. సీఐఎఫ్ ధర చెబితే అవతలి రేవు దాకా ఓడ కిరాయి, బీమా మనమే కడతాం, కానీ సరుకు ఓడ ఎక్కినప్పటి నుంచే నష్టభయం కొన్నవాడిది అవుతుంది. ఈ ముక్క దగ్గర పెద్ద చదువులు చదివి వచ్చిన పిల్లలు కూడా తడబడటం చూశాను. ఇలాంటి షరతులు ఇన్‌కోటర్మ్స్ 2020లో 11 ఉన్నాయి. పదకొండూ నీకు నోటికి రావాలి.

ఇక డబ్బు. కొన్నవాడి బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరుస్తుంది, అంటే షరతుల ప్రకారం కాగితాలు చూపిస్తే డబ్బు ఇస్తానని రాసిచ్చే హామీ. మా ఆఫీసుల్లో ఎల్‌సీ అంటాం. బ్యాంకు మిర్చిని చూడదు, కాగితాలనే చూస్తుంది. ఎల్‌సీలో ‘తొడిమ తీసిన తేజ మిర్చి’ అని ఉండి ఇన్వాయిస్‌లో ‘తేజ మిర్చి’ అని మాత్రమే రాస్తే, సరుకు ఎంత మేలైనదైనా బ్యాంకు తప్పు పట్టవచ్చు. ఓడ ఎక్కించడానికి ఇచ్చిన ఆఖరి తేదీ దాటి బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మీద ఒక్క రోజు పడినా అంతే. ఎల్‌సీలో వేరే గడువు చెప్పకపోతే, ఓడ ఎక్కించిన 21 రోజుల్లోపు కాగితాలు బ్యాంకుకు చేరాలి; వాటిని పరిశీలించడానికి బ్యాంకుకు అయిదు పనిదినాలు ఉంటాయి. ఇవన్నీ యూసీపీ 600 అనే నియమావళిలో ఉన్నాయి, 2007 నుంచి అమల్లో ఉంది. పొరపాటు దొరికితే, అప్పటికి మిర్చి ధర పడిపోయి ఉంటే, కొన్నవాడు ఆ సాకుతో ధర తగ్గించమని కూర్చుంటాడు. అదే కంటైనర్ యూరప్‌కు వెళ్తుంటే అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం పరీక్ష కూడా గట్టెక్కాలి. అక్కడ బీ1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు మించకూడదు. కళ్ళంలో మిర్చి సరిగ్గా ఎండకపోతే బూజు పట్టి అది పుడుతుంది. అంటే రైతు మిర్చిని ఎలా ఎండబెట్టాడన్నది కూడా నీకు పట్టవలసిన విషయమే.

చూశావా, ఒక్క ఫైలులో చట్టం, లెక్కలు, బ్యాంకింగ్, ఓడల రవాణా, వ్యవసాయం అన్నీ ఉన్నాయి. ఏ కాలేజీ అయినా నిన్ను ఈ ఫైలు దాకా తీసుకెళ్తుందా అన్నదే నీ కొలబద్ద.

కాబట్టి కాలేజీకి వెళ్ళినప్పుడు బ్రోషర్ పక్కన పెట్టి అన్ని సెమిస్టర్ల సిలబస్ అడుగు. చాలాచోట్ల బీబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ అంటే మామూలు బీబీఏకు మూడు నాలుగు పేపర్లు తగిలించినదే. ఎగుమతి దిగుమతుల విధానం, విదేశీ మారకం, కస్టమ్స్ చట్టం, రవాణా, అంతర్జాతీయ ఆర్థికశాస్త్రం, కనీసం రెండేళ్ళపాటు ఒక విదేశీ భాష ఉన్నాయా చూడు. ఎగుమతుల పేపర్ ఎవరు చెబుతున్నారో, వాళ్ళు ఎప్పుడైనా షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) వేయించారో లేదో అడుగు. సిగ్గుపడకు, ఫీజు కట్టేది మనం. పోయినేడు పిల్లలు ఇంటర్న్‌షిప్ ఎక్కడెక్కడ చేశారో పేర్లు అడుగు. ‘పెద్ద పెద్ద కంపెనీల్లో’ అని దాటవేస్తే లేచి వచ్చేయ్.

నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతున్నాను: పేరుకు ఇంటర్నేషనల్ బిజినెస్ అయిన బలహీనమైన బీబీఏ కంటే, అకౌంట్స్, ఎకనామిక్స్ గట్టిగా చెప్పే పాత కాలేజీలో బీకామ్ వెయ్యి రెట్లు మేలు. అకౌంట్స్ రానివాళ్ళు ఈ రంగంలో ఎంత ఇంగ్లీషు మాట్లాడినా అమ్మకాల దగ్గరే ఆగిపోతారు. 50,000 డాలర్ల ఇన్వాయిస్ మీద డాలర్ విలువ ఒక్క రూపాయి అటూ ఇటూ అయితే 50,000 రూపాయల తేడా. నిండు సీజన్లో ఆ ఒక్క సరుకు మీద మిల్లుకు మిగిలే లాభమే అంత ఉండకపోవచ్చు. డాలర్ ధరను ముందే ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కాంట్రాక్టు ఎప్పుడు తీసుకోవాలో లెక్క కట్టి చెప్పగలిగిన అమ్మాయి మాట యజమాని వింటాడు.

డిగ్రీ సీట్లకు మన ఆంధ్రలో ఓఏఎండీసీ, తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల విధానాల ద్వారా దరఖాస్తు చేయాలి, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ ప్రవేశ పరీక్ష రాయాలి. తేదీలు మీ నాన్న చూసుకుంటాడు, అక్కడ నేను చెప్పేది లేదు.

అయితే ఐఐఎఫ్‌టీ సంగతి మాత్రం విడిగా చెప్పాలి. కేంద్ర వాణిజ్య శాఖ 1963లో ఢిల్లీలో పెట్టిన సంస్థ అది, విదేశీ వాణిజ్యం కోసమే పుట్టింది. ఇప్పుడు మన కాకినాడలోనూ ప్రాంగణం ఉంది. అక్కడ ఇంటర్ తరువాత నేరుగా చేరే అయిదేళ్ళ కోర్సు నడుపుతున్నారు. బీబీఏ, ఎంబీఏ రెండూ కలిసి వస్తాయి. ప్రవేశం ఐఐఎం ఇందౌర్ పెట్టే ఐపీమ్యాట్ మార్కులతో. లెక్కల్లో నీకు పట్టు ఉంది కనుక ప్రయత్నించు. ఈ ఏడు అందకపోయినా దిగులు పడకు. డిగ్రీ అయ్యాక క్యాట్ రాసి రెండేళ్ళ ఎంబీఏకు అదే సంస్థలో చేరవచ్చు. నిజానికి నాకు ఆ రెండో దారే ఎక్కువ నచ్చుతుంది. ముందు మూడేళ్ళు అకౌంట్స్, భాష, ఒక సరుకు చేతికి వస్తే ఎంబీఏ తరగతిలో చెప్పేది నీకు గాలి మాటలుగా ఉండదు.

భాష గురించి. ఇంగ్లీషు అందరికీ ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. సరుకును బట్టి భాష ఎంచుకో. మిర్చి అనుకుంటే చైనీస్. గల్ఫ్ దేశాల వైపు చూస్తే అరబిక్. దక్షిణ అమెరికాలో మందులు అమ్మాలంటే స్పానిష్. పశ్చిమ ఆఫ్రికాలో బియ్యం కొనే దేశాల్లో చాలావాటి అధికార భాష ఫ్రెంచ్, ఇది మన బియ్యం వ్యాపారుల్లో చాలామంది ఆలోచించని అవకాశం. హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో ఈ భాషలన్నీ నేర్పుతారు. ఏ భాషైనా డిగ్రీ మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టి చివరిదాకా వదలకు. ఏడాది నేర్చుకుని ఆపేస్తే మిగిలేది సర్టిఫికెట్టే.

వార్తలు చదివే అలవాటు కూడా చదువులో భాగంగా పెట్టుకో. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. కాకినాడలో సరుకు కొని సిద్ధంగా పెట్టుకున్నవాళ్ళు ఏం చేయాలో తెలియక తల పట్టుకున్నారు. నిషేధం ఎత్తేసేసరికి 2024 సెప్టెంబరు వచ్చింది. రొయ్యల మీద అమెరికా 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే అదనపు సుంకం) వేస్తూనే ఉంది. 2025 ఆగస్టులో చాలా భారతీయ సరుకుల మీద మొత్తం అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గోదావరి జిల్లాల చెరువుల దగ్గర కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు ఎంత గొడవ రేపాయో నువ్వూ చూశావు. మరోవైపు యూఏఈతో 2022 మే 1 నుంచి ఒప్పందం అమల్లో ఉంది, దాని కింద మన సరుకులు చాలావాటికి సుంకం తగ్గింది లేదా పూర్తిగా పోయింది. ఒక తలుపు మూసుకున్నప్పుడు ఇంకో తలుపు ఎక్కడ తెరిచి ఉందో చెప్పగలగడమే ఈ చదువుకు అసలు ప్రయోజనం. ఒక కొనుగోలుదారు మీదే ఆధారపడిన ప్రాంతం ఎంత నలిగిపోతుందో నాకు తెలుసు, అందుకే నీలాంటి పిల్లలు ఇటు రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

విదేశాల్లో డిగ్రీ చేస్తే ఎలా ఉంటుందని చివర్లో ఒక వాక్యం రాశావు. మీ నాన్న పొలం తాకట్టు పెట్టేందుకు కూడా సిద్ధంగా ఉంటాడు, వాడి మనసు నాకు తెలుసు. కానీ లెక్క చూడు. అమెరికాలో చదువు అయ్యాక ఉద్యోగానుభవం కోసం ఇచ్చే ఓపీటీ మామూలుగా 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్న కోర్సు అయితే మరో 24 నెలలు కలుస్తాయి. ఇంటర్నేషనల్ బిజినెస్ ఆ జాబితాలో లేదు. ఆ ఒక్క ఏడాదిలో అప్పు తీరదు. జర్మనీలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఉండదన్నది నిజమే, కానీ అక్కడ డిగ్రీ స్థాయి చదువు ఎక్కువగా జర్మన్‌లో ఉంటుంది. నా సలహా అయితే డిగ్రీ ఇక్కడే. ఒక సెమిస్టర్ విదేశీ విశ్వవిద్యాలయంలో చదివే ఒప్పందం కాలేజీకి ఉంటే అది వాడుకో. పీజీకి వెళ్తావా, అప్పటికి నీకు ఒక భాష, ఒక సరుకు చేతిలో ఉంటాయి, ఏం చదవడానికి వెళ్తున్నావో నీకే తెలుస్తుంది.

సెలవుల్లో మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. మొదటి వేసవి కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పని చెయ్, అంటే ఎగుమతిదారుల తరఫున కస్టమ్స్ పనులు చూసేవాళ్ళ దగ్గర. పాతవాళ్ళు సీహెచ్‌ఏ అంటారు. జీతం ఇవ్వకపోయినా ఫరవాలేదు, బస్సు ఖర్చులు నేను పెడతాను. చెక్‌లిస్టు సరిచూడటం, ఇన్వాయిస్‌కూ ప్యాకింగ్ లిస్టుకూ బరువులు కలుస్తున్నాయో లేదో చూడటం, ఇవే ముందు చేయిస్తారు. విసుక్కోవద్దు, కన్ను అక్కడే పదునెక్కుతుంది. రెండో వేసవి మిల్లులోనో కోల్డ్ స్టోరేజీలోనో సరుకు దగ్గర ఉండు. తేమ చూసే యంత్రం ఎలా వాడతారో, కొనుగోలుదారు పంపిన ఇన్‌స్పెక్టర్ బస్తాలో ఏ మూల నుంచి నమూనా తీస్తాడో చూడు. మూడో వేసవికి బ్యాంకులో విదేశీ మారకం విభాగం దొరుకుతుందేమో చూద్దాం, అడగడానికి ఒకరిద్దరు నాకు తెలుసు. ఆడపిల్లకు రేవులూ గోడౌన్లూ ఎందుకని మీ నాయనమ్మ అంటుంది. నేను మాట్లాడతాను, అది నాకు వదిలెయ్.

ఇప్పుడు సీట్లు తేలేలోపు నీకు ఒక పని. జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం నడిపే ట్రేడ్ మ్యాప్ అనే వెబ్‌సైటు ఉంది. అందులో 0904 21 కొట్టి, గత అయిదేళ్ళలో మన ఎండుమిర్చి ఏ దేశాలు ఎంత కొన్నాయో చూడు. ఎవరు పెంచారు, ఎవరు తగ్గించారు, మనకు పోటీగా ఎవరు అమ్ముతున్నారు అనేది ఒక పేజీలో రాసి నాకు పంపు. మిర్చి నచ్చకపోతే బియ్యానికి 1006 30 చూడు. ఆ పేజీ రాస్తున్నప్పుడు నీకు విసుగు వస్తే ఆ మాట కూడా దాచకుండా రాయి, అప్పుడు వేరే డిగ్రీ గురించి మాట్లాడుకుందాం. దానితో పాటు నువ్వు అనుకుంటున్న మూడు కాలేజీల సిలబస్‌లు కూడా పంపు. ఎరుపు పెన్ను పట్టుకుని కూర్చుంటాను.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య