టెక్ సందేహాలు: స్నేహితులతో అమెరికా... అందరికీ ఒక్క ఫోన్ సరిపోతుందా?

సెలవుల్లో స్నేహితులతో కలిసి న్యూయార్క్, వాషింగ్టన్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో చూసి రావాలనుకుంటున్న వాళ్ల నుంచి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించిన మాట ఒకటుంది: ‘మాలో ఒకరు తీసుకుంటే సరిపోదా?’ ఒకరి సిమ్, ఒకరి కార్డు, ఒకరి మెయిల్‌లోనే అందరి టికెట్లు. డబ్బులు కొంత మిగులుతాయి, కాదనను. కానీ ఆ ఒక్క ఫోన్ చార్జింగ్ అయిపోయినా, ఆ ఒక్కరు జనంలో తప్పిపోయినా మిగతావాళ్లు ఊరుకాని ఊళ్లో నిలబడిపోతారు. అందుకే ఈ జవాబుల్లో అవసరమైన చోటల్లా ‘ఎవరిది వాళ్లకుండాలి’ అని పట్టుబడుతున్నాను.

మేం నలుగురు స్నేహితురాళ్లం. ఒకరి ఫోన్‌లో అమెరికా ఈ-సిమ్ వేసుకుని, మిగతావాళ్లం హాట్‌స్పాట్‌తో గడిపేద్దామనుకుంటున్నాం. మా ఇండియా సిమ్‌లు తీసేస్తే బ్యాంకు ఓటీపీలు ఎలా? – ఒక పాఠకురాలు, విజయవాడ

ముందు రెండో ప్రశ్న. ఇండియా సిమ్ తీయకండి. బయల్దేరే ముందే మీ ఆపరేటర్ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ సిమ్‌కు డేటా రోమింగ్ మాత్రం ఆఫ్ చేయండి. అప్పుడు ఎస్ఎమ్ఎస్‌లు వస్తాయి, ఇంటర్నెట్ బిల్లు పడదు. ఎస్ఎమ్ఎస్ అందుకున్నందుకు మామూలుగా చార్జీ ఉండదు, అయినా మీ ప్లాన్‌లో ఒకసారి చూసుకోండి. ఇండియా నంబర్‌కు వచ్చిన కాల్ ఎత్తితే మాత్రం చార్జీ పడుతుంది. ‘లోన్ కావాలా మేడమ్’ అని అర్ధరాత్రి వచ్చే కాల్‌కు కూడా! రోమింగ్ ఆన్ చేయించకుండా విమానం ఎక్కేసి, అక్కడ దిగాక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలనుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మీరు మీరేనని నిర్ధారించడానికి వాళ్లు పంపే ఓటీపీ కూడా ఆ పనిచేయని నంబర్‌కే వెళ్తుంది.

డేటాకు నలుగురూ నాలుగు ఈ-సిమ్‌లు (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోకే దిగే సిమ్‌లు) తీసుకోండి. టైమ్స్ స్క్వేర్ జనంలో ఇద్దరు షాపులోకి, ఇద్దరు బయటికి విడిపోయారంటే హాట్‌స్పాట్ లేనివాళ్లు మిగతావాళ్లకు కనీసం వాట్సాప్ మెసేజ్ కూడా పెట్టలేరు. పైగా పొద్దుటి నుంచి హాట్‌స్పాట్ నడిపిన ఫోన్ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది.

మీ ఫోన్ ఈ-సిమ్ తీసుకుంటుందో లేదో తెలియాలంటే *#06# డయల్ చేయండి. ఐఎమ్‌ఈఐతో పాటు ఈఐడీ అని ఒక పొడుగాటి నంబరు కనిపిస్తే తీసుకుంటుంది. ఈ-సిమ్‌ను ఇంట్లో వైఫై మీదే ఇన్‌స్టాల్ చేసుకోండి. క్యూఆర్ కోడ్ మీ ఫోన్‌కే మెయిల్ వస్తే దాన్ని అదే ఫోన్‌తో స్కాన్ చేయడం కష్టం. కాబట్టి లాప్‌టాప్‌లోనో పక్కవాళ్ల ఫోన్‌లోనో తెరిచి స్కాన్ చేయండి. ఒకసారి వేసిన ఈ-సిమ్‌ను పనిచేయడం లేదన్న కంగారులో డిలీట్ చేయకండి. చాలా కంపెనీల కోడ్ రెండోసారి పనిచేయదు.

ఇంకొకటి. మన దగ్గర కొన్న ఫోన్లలో కొన్ని అక్కడి బ్యాండ్‌లను, అంటే సిగ్నల్ వచ్చే తరంగాల శ్రేణులను, పట్టుకోలేవు. ఫోన్ వివరాల్లో 4జీ బ్యాండ్‌లు 12, 13, 71 ఉన్నాయేమో చూడండి. భవనాల లోపల, ఊళ్ల మధ్య దూరాల్లో సిగ్నల్ అందించేవి ఇవే. అమెరికాలో పెద్ద కంపెనీలు 3జీని 2022లోనే మూసేశాయి కాబట్టి పాత ఫోన్‌లో మామూలు కాల్స్ వెళ్లకపోవచ్చు. పర్యాటకులకు అమ్మే ఈ-సిమ్‌లలో చాలావాటికి అసలు ఫోన్ నంబరే ఉండదు, డేటా ఒక్కటే వస్తుంది. వాట్సాప్ మీ పాత నంబరుతోనే నడుస్తుంది. అత్యవసర నంబరు 911 మాత్రం, ఆ ఫోన్‌కు అక్కడి నెట్‌వర్క్ అందుతుంటే, ప్లాన్ లేకపోయినా కలుస్తుంది.

అక్కడి మెట్రో రైళ్లలో మన డెబిట్, క్రెడిట్ కార్డులు పనిచేస్తాయా? ఒకే కార్డు చాలా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

పనిచేస్తాయి, కార్డు మీద వైఫై లాంటి వంపు గీతల గుర్తు ఉంటే. ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఒకచోట: ఆర్‌బీఐ నిబంధన వల్ల 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ (కార్డును మెషిన్‌కు ఆనించి కట్టడం) రెండూ మొదట ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ‘ఇంటర్నేషనల్’ ఆన్ చేసి, దాని కిందే ఉండే కాంటాక్ట్‌లెస్ బటన్ చూడకుండా వదిలేస్తారు. అప్పుడు హోటల్లో కార్డు పెడితే పనిచేస్తుంది, రైలు గేటు దగ్గర ట్యాప్ చేస్తే ఎర్ర లైటు. రెండూ ఆన్ చేయండి, రోజువారీ పరిమితి కూడా చూసుకోండి. వీసా లేదా మాస్టర్‌కార్డ్ ఉన్న ప్లాస్టిక్ కార్డును నమ్ముకోండి. మనం ఇక్కడ టీకొట్టు నుంచి మాల్ దాకా వాడే యూపీఐ ఆ గేట్ల దగ్గర పనికిరాదు.

ఒకే కార్డు చాలా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. న్యూయార్క్ సబ్‌వేలో ఎంత దూరమైనా ఒకటే రేటు, 2026 జనవరి నుంచి 3 డాలర్లు. లోపలికి వెళ్లేటప్పుడు మాత్రమే ట్యాప్ చేయాలి. కాబట్టి ఒకే కార్డుతో స్నేహితులకూ ట్యాప్ చేసి పంపొచ్చు. కానీ అలా చేస్తే మీకే నష్టం. అక్కడి ఓమ్నీ అనే ట్యాప్ చేసి చార్జీ కట్టే విధానంలో ఒక కార్డు మీద ఏడు రోజుల్లో 35 డాలర్లు దాటితే ఆపై ప్రయాణాలు ఉచితం. ఆ లెక్కలోకి కార్డున్న మనిషి ప్రయాణాలే వస్తాయి, పక్కవాళ్లకు చేసిన ట్యాప్‌లు రావు. వారం ఉండి రోజుకు మూడు నాలుగుసార్లు రైలెక్కేవాళ్లకు ఇది చెప్పుకోదగ్గ తేడా. ఎవరి కార్డు వాళ్లు, అదీ వారమంతా అదే కార్డు వాడాలి. పాత మెట్రోకార్డుల అమ్మకం 2025 చివరితో ఆగిపోయింది. పాత బ్లాగుల్లో చూసి దానికోసం వెతక్కండి.

వాషింగ్టన్ మెట్రోలో, శాన్‌ఫ్రాన్సిస్కో బార్ట్ రైళ్లలో దూరాన్ని బట్టి చార్జీ. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకే కార్డు చూపించాలి. ఒక కార్డుతో ఇద్దరు లోపలికి వెళ్లడం అక్కడ కుదరదు. రెండు చోట్లా 2025 నుంచి మామూలు బ్యాంకు కార్డు ట్యాప్ చేసి వెళ్లొచ్చు. షికాగోలో వెంట్రా అనే చార్జీ మెషిన్లు కూడా బ్యాంకు కార్డును తీసుకుంటాయి.

ఎక్కడైనా మెషిన్ ‘రూపాయల్లో కట్టాలా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లకిష్టమైన మారకం రేటు వేస్తారు.

లిబర్టీ విగ్రహానికి ఆన్‌లైన్‌లో టికెట్లు వెతికితే రకరకాల సైట్లు, రకరకాల ధరలు కనిపిస్తున్నాయి. ఏది అసలుది? – ఒక పాఠకురాలు, వరంగల్

సెర్చ్‌లో అన్నింటికంటే పైన ‘స్పాన్సర్డ్’ అని వచ్చేవి ప్రకటనలు. వాటిని దాటి కిందికి రండి. లిబర్టీ దీవిలో సందర్శకులను దింపడానికి అనుమతి ఉన్న ఫెర్రీ సంస్థ ఒకటే, స్టాట్యూ సిటీ క్రూయిజెస్. మిగతావి చాలావరకు దీవి చుట్టూ తిప్పి తెచ్చే పడవలు. దిగనివ్వవు. ఆ ఫెర్రీ ఎక్కే బ్యాటరీ పార్క్ దగ్గర చొక్కాకు ఐడీ కార్డు తగిలించుకుని ‘టికెట్, టికెట్’ అని వెంటపడేవాళ్ల దగ్గర కొనకండి. విగ్రహం కిరీటం దాకా ఎక్కాలంటే నెలల ముందే బుక్ చేయాలి. శాన్‌ఫ్రాన్సిస్కో ఆల్కట్రాజ్ జైలు దీవికి కూడా ఇలాగే ఒక్క సంస్థకే అనుమతి, ఆల్కట్రాజ్ సిటీ క్రూయిజెస్.

వాషింగ్టన్ స్మిత్సోనియన్ మ్యూజియాలకు ప్రవేశ రుసుము లేదు. ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియానికి టైమ్ స్లాట్ పాస్ తీసుకోవాలి, అదీ ఉచితమే. దానికి ఎవరైనా డబ్బులడిగితే ఆ పేజీ మూసేయండి.

బుక్ చేశాక టికెట్లన్నీ ఒకరి మెయిల్‌లో పెట్టుకుని కూర్చోకుండా, ఎవరి క్యూఆర్ కోడ్ వాళ్లకు పంపండి. స్క్రీన్‌షాట్ కూడా తీసి ఉంచుకోండి. క్యూలో నిలబడ్డాక నెట్ రాక మెయిల్ తెరుచుకోకపోతే పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఆరుగురం వెళ్తున్నాం. ఖర్చులు పంచుకోవడానికి ఏ యాప్ మంచిది? డబ్బుల దగ్గర మాటా మాటా రాకూడదని మా కోరిక. – ఒక పాఠకుడు, కాకినాడ

స్ప్లిట్‌వైజ్ చాలామందికి అలవాటైనది. ఎవరు కట్టారో, ఎవరెవరు తిన్నారో రాస్తే చివర్లో ఎవరు ఎవరికి ఎంతివ్వాలో తేల్చి చెబుతుంది. ఉచిత వెర్షన్‌లో రోజుకు కొన్ని ఖర్చులే రాయనిస్తుంది. అది చిరాకనిపిస్తే గూగుల్ షీట్ ఒకటి అందరికీ షేర్ చేయండి, చాలు.

యాప్ కన్నా లెక్క ముఖ్యం. న్యూయార్క్ హోటల్లో మెనూ ధర 100 డాలర్లు అయితే దాని మీద 8.875 శాతం ట్యాక్స్, ఆపైన టిప్. టిప్ 20 శాతం ఇస్తే మొత్తం 129 డాలర్ల దగ్గర తేలుతుంది. ఆరుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది కూర్చుంటే చాలాచోట్ల టిప్‌ను వాళ్లే బిల్లులో కలిపేస్తారు. చూసుకోకపోతే రెండుసార్లు ఇస్తారు. కార్డు గీకినప్పుడు ముందు టిప్ లేని మొత్తానికి ఎస్ఎమ్ఎస్ వస్తుంది. మీరు కాగితం మీద టిప్ రాసి సంతకం పెట్టాక, ఒకట్రెండు రోజులకు అసలు మొత్తం ఖాతాలో పడుతుంది. అంకె మారిందని మోసం జరిగిందనుకోకండి.

యాప్‌లో ఖర్చులు డాలర్లలోనే రాయండి. రూపాయల్లోకి మార్చడం ఇంటికి వచ్చి కార్డు స్టేట్‌మెంట్ చేతికందాకే. చాలా కార్డుల మీద 2 నుంచి 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ కరెన్సీకి బ్యాంకు వేసే అదనపు చార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. గూగుల్‌లో కనిపించే రేటుతో పంచుకుంటే, పాపం, అందరి తరఫున కార్డు పెట్టిన స్నేహితుడు వేలల్లో నష్టపోతాడు. ఆ తేడాను కూడా ఆరుగురూ పంచుకుంటామని విమానం ఎక్కకముందే అనుకోండి. రోజూ రాత్రి పడుకునే ముందు ఆ రోజు లెక్క ఆ రోజే రాసేయండి.

చిన్న రైస్ కుక్కర్ పట్టుకెళ్లొచ్చా? అడాప్టర్ పెడితే పనిచేస్తుందా? పవర్ బ్యాంక్ సంగతి? – ఒక పాఠకురాలు, గుంటూరు

అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది, కరెంటును కాదు. మన ఇళ్లలో 230 వోల్టులు, అక్కడ 120. మీ 700 వాట్ల కుక్కర్ అక్కడ సుమారు 190 వాట్ల వేడి ఇస్తుంది. అంటే నాలుగో వంతు. బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. కెటిల్, హెయిర్ స్ట్రెయిట్‌నర్ కూడా అంతే. పైగా చాలా హోటళ్లు గదుల్లో వంట ఒప్పుకోవు. అక్కడ కొన్న 120 వోల్టుల కుక్కర్‌ను తెచ్చి ఇక్కడ ప్లగ్‌లో పెడితే మాత్రం కాలిపోతుంది. ఫోన్, లాప్‌టాప్ చార్జర్లకు ఈ బెడద లేదు. వెనక చిన్న అక్షరాల్లో ‘ఇన్‌పుట్ 100-240’ అని ఉంటే చాలు.

పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్ సామానులో పెట్టకూడదు. 100 వాట్-అవర్ల లోపైతే ఇబ్బంది లేదు. 20,000 ఎమ్‌ఏహెచ్ అంటే 74 వాట్-అవర్లే. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వెళ్తుంటే మనిషికి ఒకటే అనుమతి. 2025 అక్టోబరు నుంచి విమానంలో దాంతో చార్జింగ్ పెట్టుకోనివ్వడం లేదు.

నేను డాలస్‌లో ఉంటాను. నాతో బీటెక్ చదివిన స్నేహితులు హైదరాబాద్ నుంచి వస్తున్నారు, కలిసి తిరుగుతాం. కొందరివి ఐఫోన్లు, కొందరివి ఆండ్రాయిడ్. ఫొటోలన్నీ నాణ్యత పోకుండా ఒకచోటికి చేరేదెలా?

గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్ పెట్టి, అందరి బ్యాకప్ ‘ఒరిజినల్ క్వాలిటీ’కి మార్చండి. ఉచితంగా వచ్చే 15 జీబీ వీడియోలకు చాలదు కాబట్టి ముందే ఖాళీ చేసుకోమనండి. ఐక్లౌడ్ షేర్డ్ ఆల్బమ్ ఫొటోల సైజు తగ్గించేస్తుంది. వాట్సాప్‌లోనే పంపాలంటే ‘డాక్యుమెంట్’గా పంపండి.

ఎవరైనా విడిగా కెమెరా తెస్తే దాని గడియారం మార్చమనండి. ఫోన్లు దిగగానే అక్కడి సమయానికి మారిపోతాయి, కెమెరా మాత్రం ఇండియా టైమ్‌లోనే ఉంటుంది. వేసవిలో న్యూయార్క్‌కు మనకు తొమ్మిదిన్నర గంటలు తేడా. ఆల్బమ్‌లో సాయంత్రం బ్రూక్లిన్ బ్రిడ్జి ఫొటోలు మర్నాటి టిఫిన్ ఫొటోల పక్కకు చేరతాయి.

ఎంపైర్ స్టేట్ భవనం ఫొటోలో పడాలంటే దాన్ని ఎక్కితే లాభం లేదు. రాక్‌ఫెల్లర్ సెంటర్ భవనం మీదున్న టాప్ ఆఫ్ ద రాక్ పైకి వెళ్లండి, సూర్యాస్తమయానికి ఓ గంట ముందు. నాకు తెలిసి న్యూయార్క్‌లో అంతకన్నా మంచి చోటు లేదు. అద్దం అడ్డుంటే ఫ్లాష్ ఆపి, లెన్స్‌ను దాదాపు అద్దానికి ఆనించి తీయండి.

నా డ్రోన్ 250 గ్రాముల లోపే. తీసుకెళ్లనా? – ఒక పాఠకుడు, తిరుపతి

వద్దు. వాషింగ్టన్ చుట్టూ 15 మైళ్ల లోపల సరదాకు డ్రోన్ ఎగరేయడం నిషేధం. న్యూయార్క్‌లో నగరం అనుమతి కావాలి. లిబర్టీ దీవి, ఆల్కట్రాజ్ నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉన్నాయి, అక్కడ 2014 నుంచి డ్రోన్లకు అనుమతి లేదు. బరువు ఎంతైనా ఈ నిషేధాలు వర్తిస్తాయి.

ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా తిరగొచ్చా? షికాగోలో మా అన్నయ్యవాళ్లకు బుక్ చేసిన క్యాబ్ మ్యాప్‌లో పక్కనే ఉన్నా ఎంతసేపటికీ కనిపించలేదట, ఎందుకని? – ఒక పాఠకురాలు, రాజమండ్రి

గూగుల్ ఆఫ్‌లైన్ మ్యాప్ కారులో దారి చూపిస్తుంది. నడక దారి, రైళ్లు, బస్సుల వివరాలు నెట్ లేకుండా రావు. హోటల్ అడ్రస్, దగ్గరి స్టేషన్ పేరు ప్రతి ఒక్కరి ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గా ఉండాలి.

మీ అన్నయ్యవాళ్లకు జరిగింది షికాగోలో కొత్తవాళ్లకు మామూలే. నది ఒడ్డున వాకర్ డ్రైవ్, దాన్ని ఆనుకుని మిషిగన్ అవెన్యూ ఒకదాని మీద ఒకటిగా రెండంతస్తుల్లో ఉంటాయి. పై రోడ్డు మీద మీరు, కింది రోడ్డులో క్యాబ్, మ్యాప్‌లో మాత్రం ఇద్దరూ ఒకే చుక్క. జీపీఎస్‌కు ఆ పైనా కిందా తేడా తెలియదు. కింది రోడ్డులో దానికి ఆకాశమే కనిపించదు, పైన ఎత్తైన భవనాల గోడలకు సిగ్నల్ తగిలి పక్క వీధికి జరుగుతుంది. అందుకని బుక్ చేయగానే డ్రైవర్‌కు ‘అప్పర్ వాకర్’ లేదా ‘అప్పర్ మిషిగన్’ అని మెసేజ్ పెట్టండి. పికప్ పాయింట్‌ను మ్యాప్‌లో చుక్కకు వదిలేయకుండా ఏదైనా హోటల్ ముఖద్వారానికి మార్చండి. లేదా నది నుంచి రెండు వీధులు లోపలికి నడిచి అక్కడి నుంచి బుక్ చేయండి.