యెల్లోనైఫ్‌లో ఉద్యోగం వచ్చింది, ఇల్లు కూడా కొనేయమంటారా?

ప్రశ్న: మేం కెనడాలో, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో అద్దెకుంటున్నాం. నేను నర్సుని, మావారు ట్రక్కుల కంపెనీలో డిస్పాచర్. ఆరేళ్ల పాప ఉంది. నాకు దేశానికి ఉత్తరాన ఉన్న యెల్లోనైఫ్‌లో రెండేళ్ల టర్మ్ ఉద్యోగం వచ్చింది, జీతం ఏడాదికి 1,04,000 డాలర్లు, సెప్టెంబరు 1న చేరాలి. మార్చిలో ముగ్గురం ఐదు రోజులు వెళ్లి చూసొచ్చాం. గడ్డకట్టిన సరస్సు మీద మంచుకోట, ఓల్డ్ టౌన్‌లో రంగురంగుల హౌస్‌బోట్లు, రాత్రి ఆకాశం నిండా ఆకుపచ్చ వెలుగులు... ఊరు మాకు తెగ నచ్చేసింది. ఇక్కడ పది లక్షలు పెట్టినా దొరకని ఇల్లు అక్కడ 4,60,000కి ఉంది. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటుకే నెలకు 2,250 అడుగుతున్నారు, హీటింగూ నీళ్లూ అందులోనే. అంత అద్దె దండగ కదా అనిపిస్తోంది. మా దగ్గర 62,000 ఉన్నాయి. లోన్ వస్తుందని బ్రోకర్ చెప్పారు. ఇంటి ఫొటోలు, పాత బిల్లులు, బ్రోకర్ ఇచ్చిన కాగితం పంపుతున్నాను. వెళ్లగానే కొనేయమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఉద్యోగానికి అభినందనలు. వెళ్లండి. ఇల్లు మాత్రం ఇప్పుడే కొనకండి. ఒక చలికాలం పూర్తిగా అద్దెకుండి, ఆ తర్వాత చూసుకోండి. ఎందుకంటున్నానో మీరు పంపిన కాగితాల్లోంచే చెప్తాను.

మీరు ఊరిని చూసింది మార్చిలో. యెల్లోనైఫ్ అతిథికి తన అందమంతా చూపించే నెల అది. పగలు పన్నెండు గంటలుంటుంది, సరస్సు మీద మంచు గట్టిగా ఉండి అవతలి డెట్టా గ్రామం దాకా నడిచి వెళ్లొచ్చు, రాత్రి చీకటి అరోరాకి, అంటే మీరు చూసిన ఆ ఆకుపచ్చ వెలుగులకి, సరిపోయినంత ఉంటుంది. డిసెంబరు మూడో వారంలో అదే ఊళ్లో పగలు ఐదు గంటలే. మీరు నైట్ షిఫ్ట్ చేసి ఇంటికొచ్చి పడుకుని లేస్తే వరసగా కొన్ని రోజులు సూర్యుడే కనబడడు. కొందరికి అది అలవాటవుతుంది, కొందరికి కాదు. మీకు, మీవారికి, పాపకి ఎలా ఉంటుందో ఐదు రోజుల్లో తెలిసే సంగతి కాదు. ఇందులో డబ్బు మాట ఏముందంటారా? ఉంది. ఆ ఊళ్లో ఇల్లు కొన్నాక "మనవల్ల కాదు" అనుకుంటే అయ్యే ఖర్చు చాలా పెద్దది.

ఒక జనవరిలో పని మీద వెళ్లి అక్కడ ఒక కుటుంబం ఇంట్లో దిగాను. బయట మైనస్ 38. పొద్దున్నే ఇంటాయన నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్లి, అక్కడున్న, ఇంటిని వేడిచేసే నూనె ట్యాంకు మీద చేతి గ్లవుతో టక్‌టక్‌మని కొట్టి గేజీ చూపించారు. ముల్లు పావుకి దిగింది. "పది రోజుల కింద నింపించానండీ," అన్నారు. ఆ ఇంట్లో అందరి కళ్లూ ఆ ముల్లు మీదే. వారాంతంలో ట్యాంకు ఖాళీ అయితే ఫర్నేస్ ఆగిపోతుంది, కొన్ని గంటల్లోనే పైపులు గడ్డకట్టడం మొదలవుతుంది. ఓల్డ్ టౌన్ వైపు నీళ్లు కూడా ట్యాంకరుతో తెచ్చి పోసే ఇళ్లున్నాయి. అంటే కనిపెట్టుకుని ఉండాల్సిన ట్యాంకులు రెండు.

ఇప్పుడు మీ కాగితాలు. పాత యజమాని బిల్లులు కలిపితే ఏడాదికి 3,400 లీటర్ల హీటింగ్ ఆయిల్, 5,780 డాలర్లు. నెలకు సగటున 482. మీ బ్రోకర్ కాగితంలో రెండో పేజీ తీసి చూడండి, హీటింగ్ అన్న చోట 125 అని ఉంది. దక్షిణాన టొరంటో చుట్టుపక్కల ఇళ్లకు వేసే అంకె అది. అక్కడే అసలు తేడా వచ్చింది.

కెనడాలో ఇన్సూర్డ్ మార్ట్‌గేజ్ (బ్యాంకు నష్టపోకుండా బీమా చేసిన ఇంటి లోన్) ఇచ్చేటప్పుడు వాయిదా, ఆస్తి పన్ను, హీటింగ్ మూడూ కలిపి మీ స్థూల ఆదాయంలో 39 శాతం దాటకూడదు. అది కూడా అసలు వడ్డీ మీద కాదు, మరో 2 శాతం కలిపి లెక్కేస్తారు. మీరు 10 శాతం, అంటే 46,000 కడితే, ఇన్సూరెన్స్ ప్రీమియంతో కలిపి అప్పు 4,26,834. మీకు చెప్పిన 4.5 శాతానికి బదులు 6.5 శాతం మీద 25 ఏళ్లకు వాయిదా 2,859. దానికి పన్ను 270, హీటింగ్ 125 కలిపితే మీ నెల ఆదాయంలో 37.5 శాతం, పాస్. హీటింగ్ దగ్గర అసలు బిల్లు 482 వేయండి, 41.7 శాతం, ఫెయిల్. మొదటి ఇల్లు కాబట్టి 30 ఏళ్లకు సాగదీసినా 39.6 దగ్గర ఆగిపోతుంది. మీవారికి అక్కడ ఇంకా ఉద్యోగం లేదు గనక ఆయన ఆదాయం లెక్కలోకి రాదు. బ్యాంకు వాళ్లు ఆయిల్ బిల్లు అడిగారంటే, కొనుగోలు ఒప్పందం మీద సంతకం అయ్యాక లోన్ ఆగిపోవచ్చు. అడగకుండా ఇచ్చేస్తే ఇంకా కష్టం, ఎందుకంటే ఆ 482 బ్యాంకు లెక్కలో లేకపోయినా మీ ఖాతాలోంచి పోతుంది.

సరే, లోన్ వచ్చిందనే అనుకుందాం. 4.5 శాతం మీద వాయిదా 2,362, ఆయిల్ 482, పన్ను 270, ఇంటి ఇన్సూరెన్స్ 190, నీళ్లూ చెత్తా 130. నెలకు 3,434, కరెంటు కాకుండా. అద్దె 2,250, అందులో హీటింగ్ కలిసే ఉంది. నెలకు 1,184 తేడా.

"వాయిదాలో కొంత అసలుకి పోతుంది కదా" అంటారు. పోతుంది. రెండేళ్లలో 56,700 కడితే అసలు తగ్గేది 19,450. మీ టర్మ్ అయిపోయి, ఇల్లు కొన్న ధరకే అమ్మారనుకోండి. అప్పు 4,07,400 తీరాలి. ఏజెంట్ల కమీషన్ 5 శాతం, దాని మీద జీఎస్టీ, మొత్తం 24,150. లాయరుకి ఒక 2,000. గడువుకి ముందే లోన్ తీర్చినందుకు కనీసం మూడు నెలల వడ్డీ జరిమానా, 4,500. మీ చేతికొచ్చేది 22,000. పెట్టింది డౌన్ పేమెంటు 46,000, కొన్నప్పటి ఖర్చులు ఒక 4,000. రెండేళ్ల ఖర్చంతా కూడితే సొంతింటికి అయ్యింది 1,10,000 పైన, అద్దెకైతే 54,000. ఇల్లు పెద్దదే, మూడో గదీ ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ గదికి రెండేళ్లకు యాభై ఆరు వేలు పెట్టే స్తోమత ఒక జీతం మీద, చేతిలో 12,000 మిగిలిన ఇంట్లో ఉండదు. ఐదేళ్లుండి, అద్దె ఏటా 4 శాతం పెరిగి, ఇల్లు అదే ధరకు అమ్ముడైనా అద్దె కంటే యాభై వేలు ఎక్కువే అవుతుంది. దండగ అని మీరు అనుకుంటున్న అద్దె ఇక్కడ మిమ్మల్ని కాపాడుతోంది.

ధర పెరగదా అంటే, ఆ ఊరి ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో చూడండి. యెల్లోనైఫ్ 1930ల్లో బంగారంతో పుట్టింది. కాన్ గని 2003లో, జెయింట్ గని 2004లో మూతపడ్డాయి. ఆ లోటు వజ్రాలు పూడ్చాయి: 1998లో ఎకాటి, 2003లో డయావిక్, 2016లో గాచో కుయే. డయావిక్‌లో తవ్వకానికి 2026 ఆఖరి ఏడాదని కంపెనీ ముందే చెప్పేసింది. ఇరవై వేల జనాభా ఉన్న ఊళ్లో ఒక గని ఆగితే ఇళ్ల బజారుకి తెలుస్తుంది. మరో పక్క, 1967 నుంచి అది నార్త్‌వెస్ట్ టెరిటరీస్ రాజధాని, ప్రభుత్వ జీతాలు ఎటూ పోవు. జెయింట్ గనిలో భూగర్భంలో ఉన్న 2,37,000 టన్నుల ఆర్సెనిక్ దుమ్ముని భద్రం చేసే పని ఇంకా ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇళ్ల కొరత కూడా నిజమే. కాబట్టి ధరలు కూలిపోతాయని నేననను. మీరు అమ్మాలనుకున్న నెలలో కొనేవాళ్లు ఒకరో ఇద్దరో ఉండొచ్చు, అదే నా భయం. బ్రాంప్టన్‌లో ఇల్లు అమ్మడం లాంటిది కాదది.

ఇంకో మాట, మీరు పంపిన మూడో ఫొటో. వంటింటి తలుపు పైమూల చూడండి. ఎడమ పక్క తలుపు చట్రానికి ఆనుకుని ఉంది, కుడి పక్క వేలెడు సందు. ట్రెయిలర్ ఇంటికి పక్కన గది కలిపి కట్టారు కదా, నేల కింద మంచు కరిగి మళ్లీ బిగుసుకున్నప్పుడల్లా రెండూ వేరువేరుగా కదులుతాయి. ఆ ఊళ్లో కొన్ని ఇళ్లు బండరాయి దాకా దింపిన ఉక్కు స్తంభాల మీద నిలబడతాయి, కొన్ని చెక్క దిమ్మెల మీద, ఏడాదికోసారి జాకీలతో సరిచేసుకుంటూ. మీది ఏదో ఫొటోలో తెలియదు. ఎప్పుడు కొన్నా పునాది మీద ఇంజనీరు నివేదిక లేకుండా కొనకండి. ట్యాంకు వయసు కూడా అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లు మిమ్మల్ని అడుగుతారు.

పన్నుల్లో వచ్చేదేమిటో చెప్తాను, దీన్ని చాలామంది సగమే వింటారు. నార్తర్న్ రెసిడెంట్స్ డిడక్షన్ కింద అక్కడున్న ప్రతి రోజుకీ 11 డాలర్లు, ఇల్లు నడిపేవారికి మరో 11. ఇంట్లో ఒక్కరే క్లెయిమ్ చేస్తే ఆ 22 మొత్తం వాళ్లదే, ఇద్దరూ చేస్తే చెరో 11. కాబట్టి మీ పేరు మీదే చేయండి, ఆదాయం మీదే ఎక్కువ. పన్ను వేసే ఆదాయంలో ఏడాదికి 8,030 తగ్గింపు, పన్నులో మిగిలేది దాదాపు 2,300. వరసగా ఆరు నెలలుంటేనే వర్తిస్తుంది. సెప్టెంబరు 1న వెళ్తే ఫిబ్రవరి ఆఖరుకి అది పూర్తవుతుంది, కాబట్టి మొదటి ఏడాది 122 రోజులకీ ఏప్రిల్ రిటర్న్‌లోనే అడగొచ్చు. అయితే అక్కడ జీతం మీద 2 శాతం పేరోల్ ట్యాక్స్ ఉంది, మీకది 2,080. అంటే ఇటు వచ్చింది అటు పోయింది. దీన్ని నమ్ముకుని ఇల్లు కొనేంత డబ్బు కాదిది. ప్రయాణాలకీ ఒక తగ్గింపు ఉంది, యజమాని ప్రయాణ భత్యం ఇవ్వకపోయినా మనిషికి ఏడాదికి 1,200 దాకా. కానీ ఇండియా టికెట్టు మొత్తం అందులో వేయకండి, దగ్గరి పెద్ద ఊరికి దొరికే చవక టికెట్టు వరకే చెల్లుతుంది. అమ్మకపు పన్ను ఒంటారియోలో 13 శాతం, అక్కడ 5 శాతమే. ఆ మిగులుని సరుకుల ధరలు తినేస్తాయి.

అందుకని ఇలా చేయండి. అద్దె ఇల్లు ఇప్పటినుంచే వెతకండి, ఇక్కడ నోటీసు ఇవ్వకముందే అక్కడ లీజు చేతిలో ఉండాలి. అడ్వాన్సు ఒక నెల అద్దెకి మించి అడగకూడదు, అందులో సగం ముందు, సగం మూడు నెలల్లో కట్టొచ్చు. పన్నెండు నెలలకోసారి మాత్రమే, మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పి అద్దె పెంచాలి. ఎంత పెంచాలన్న దానికి పరిమితి లేదు, అందుకే కుదిరితే రెండేళ్ల లీజు అడగండి. ఆ నెలవారీ 1,184 తేడా మీ ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏలో (మొదటి ఇంటి కోసం పన్ను లేకుండా దాచుకునే ఖాతా) వేయండి, ఏడాదికి 8,000 పరిమితి నిండాక మిగతాది టీఎఫ్‌ఎస్‌ఏలో (రాబడి మీద పన్ను పడని పొదుపు ఖాతా). రెండేళ్లకు 28,000 అవుతుంది. మీ 62,000 అలాగే ఉంటాయి.

ఆ 62,000లో 15,000 మాత్రం మామూలు ఖాతాలో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. 2023 ఆగస్టులో కార్చిచ్చు ముంచుకొచ్చి ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. దక్షిణానికి ఉన్నది ఒక్కటే రోడ్డు. మూడు వారాలు ఇంటికి రానివ్వలేదు. అద్దెకున్నా టెనెంట్ ఇన్సూరెన్స్ తీసుకోండి, సామూహిక తరలింపు ఖర్చులు అందులో ఉన్నాయో లేదో ఫోన్‌లో కాకుండా పాలసీ కాగితంలో చూసుకోండి.

వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ రాయండి. అప్పటికి మీకు చలికాలం తెలుస్తుంది, మీవారికి ఉద్యోగం వచ్చిందో లేదో తెలుస్తుంది, టర్మ్‌ని పర్మనెంట్ చేస్తారో లేదో హెచ్‌ఆర్‌ని అడిగి ఉంటారు. ఊరు అప్పటికీ ఇంతే నచ్చితే నేనే మీతో కూర్చుని ఇళ్ల కాగితాలు చూస్తాను.

ఈలోగా, కారు తీసుకెళ్తుంటే బ్లాక్ హీటర్ (చలిలో ఇంజన్‌ని వెచ్చగా ఉంచే పరికరం) దారిలో ఎడ్మంటన్‌లో ఆగి పెట్టించుకోండి, అక్కడినుంచి ఇంకా దాదాపు 1,450 కిలోమీటర్లు. దారిలో పెట్రోలు, హోటలు, సామాను లారీ రసీదులన్నీ ఒక కవర్లో దాచండి. ఆసుపత్రి వాళ్లు తిరిగి ఇవ్వనివి పన్ను రిటర్న్‌లో ఇల్లు మారిన ఖర్చులకుండే టీ1-ఎం ఫారంలో వేస్తాం. పాప పార్కా (దళసరి చలికోటు) మాత్రం బ్రాంప్టన్‌లో కొనకండి, అక్కడికెళ్లాక ఆ బళ్లో పిల్లలు ఏం వేసుకొస్తున్నారో చూసి అదే కొనండి.