లెక్క అడిగితే అక్క ఏమనుకుంటుందో!

ప్రశ్న: నా వయసు 26. మాది పొదిలి. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. మా పిన్ని కూతురు (బ్యాంకు ఉద్యోగి), నాతో పనిచేసే అమ్మాయి, నేను కలిసి దర్గామిట్టలో రెండు బెడ్‌రూముల ఇంట్లో ఉంటున్నాం. అద్దె 13,500. తలా 4,500 ఇస్తున్నాం. అటాచ్డ్ బాత్రూము ఉన్న పెద్ద గదిలో అక్క ఒక్కతే ఉంటుంది. ఏసీ కూడా పెట్టించుకుంది. చిన్న గదిలో మేమిద్దరం. కరెంటు బిల్లు మాత్రం మూడు సమాన భాగాలు. నా గదిలో అమ్మాయి ప్రతి శనివారం కావలి వెళ్ళి సోమవారం వస్తుంది. వేసవిలో అక్క వాళ్ళ చెల్లెలు కోచింగ్ కోసం వచ్చి 40 రోజులు ఉంది. గ్యాసు, ఇంటర్నెట్, సరుకులు చాలాసార్లు నేనే ఫోన్‌పే చేసి, అడగడానికి మొహమాటపడి ఊరుకుంటున్నాను. అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్నాను. ఒకసారి కరెంటు బిల్లు మాటెత్తితే అక్క "ఏమ్మే, మన మధ్య కూడా లెక్కలా?" అని నవ్వేసింది. ఈ ఇల్లు చూసిపెట్టింది తనే. గట్టిగా అడిగితే పిన్ని దాకా, అమ్మ దాకా పోతుందని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నోట్‌బుక్కు సంగతి. మీరు అలా రాస్తున్నట్టు మిగతా ఇద్దరికీ తెలియదు. కాబట్టి మీ అక్క దృష్టిలో ఇంట్లో అసలు సమస్యే లేదు. ఏదో ఒక రోజు గిన్నెలు ఎవరు తోమాలన్న మాట మీద మీరు ఆ పుస్తకం తీసి ముందు పడేస్తారు. అప్పుడు ఆమెకు కనిపించేది మూడు నాలుగు వేల బాకీ కాదు, ఇన్నాళ్ళూ చెల్లెలు తనను కనిపెట్టి చూస్తూ రాసుకుందన్న సంగతి. పిన్ని దాకా పోయేది ఆ మాటే. అందుకని లెక్క మానేయకండి, దాచడం మానేయండి. చీటీ కట్టేటప్పుడు ఎంత దగ్గరి చుట్టమైనా తారీఖు తప్పకుండా కడతారు, అడిగినందుకు ఎవరూ నొచ్చుకోరు. ముందే అనుకున్న లెక్క కాబట్టి. మీ ఇంట్లో లేనిది అలా ముందే అనుకోవడమే.

ఇక అద్దె. ముగ్గురున్నారు కాబట్టి మూడు భాగాలు అనడం తేలిక, కానీ మీరు అద్దెకు తీసుకున్నది గదుల్ని కూడా. హాలు, వంటగది ముగ్గురివీ. పెద్ద గది, దాని బాత్రూము ఒక్కరివి. ముగ్గురూ విడివిడిగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పండి: "ఆ పెద్ద గది నాకొక్కదానికే ఇస్తే నెలకు ఎంత వరకు ఇస్తాను?" మీరు 6,000 అన్నారనుకోండి, అక్క 5,800 అంది. అయితే ఆ గది విలువ ఆ చుట్టుపక్కలే. అక్క 6,000, మీరిద్దరూ తలా 3,750 ఇస్తే 13,500 సరిపోతుంది. ఆ ధరకు అక్క ఒప్పుకోకపోతే మీరు గది మారతారా? మారతానని నిజంగా అనిపిస్తేనే ఆ అంకె అడగండి. మారను, ఇస్తే చాలు అనిపిస్తే మీరు ఎక్కువ అడుగుతున్నట్టు లెక్క.

అక్కకు జీతం ఎక్కువ కాబట్టి అద్దె ఎక్కువ ఇవ్వాలనే వాదన మాత్రం తేవద్దు. అది భార్యాభర్తలకు చెల్లుతుంది, రూమ్‌మేట్లకు కాదు.

కరెంటు దగ్గర మీ బాధ పూర్తిగా న్యాయమైనది. చాలామంది "ఏసీ ఎంత తింటుందిలే" అనుకుంటారు గానీ మన రాష్ట్రంలో ఇళ్ళ కరెంటు ధర శ్లాబుల మీద నడుస్తుంది. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆ పైన 400 వరకు 8.75. ఏసీ లేకుండా మీ ఇల్లు నెలకు 200 యూనిట్లు కాల్చిందనుకుందాం. యూనిట్ల ఖర్చు 867 రూపాయలు. రాత్రికి ఆరు యూనిట్ల చొప్పున ఏసీ మరో 180 కాలిస్తే మొత్తం 380 యూనిట్లు, 2,373 రూపాయలు అవుతుంది. అంటే ఆ 180 యూనిట్లకే 1,500 పైచిలుకు. ఎందుకంటే అవన్నీ పై శ్లాబుల్లోకి పోయి పడతాయి. మూడు భాగాలు చేస్తే ఏసీ గాలి తగలని మీరు 289 ఇవ్వాల్సిన చోట 791 ఇస్తున్నారు. ఫిక్స్‌డ్ చార్జీ, ట్రూ అప్ (పాత ఖర్చుల తేడాను తర్వాతి బిల్లుల్లో వేసే చార్జీ) లాంటివి ఇంకా కలపలేదు.

నెల్లూరు రోహిణి కార్తెలో ఏసీ వద్దనడం అన్యాయం, ఎవరూ అనొద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఏసీ లైనుకు సబ్‌మీటరు పెట్టించండి, పెద్ద ఖర్చేమీ కాదు. నెలాఖరుకు రీడింగ్ ఫోటో తీసి గ్రూపులో పెడితే ఏసీ యూనిట్లు ఎన్నో తేలిపోతుంది. ఏసీ లేకుంటే వచ్చే బిల్లును ముగ్గురూ పంచుకుని, దాని పైన పెరిగినదంతా అక్క ఇవ్వడం న్యాయం. రాత్రి ఎక్కువ వేడిగా ఉందని మీరిద్దరూ ఆమె గదిలో చాపేసుకుని పడుకునే రోజులు ఉంటే అప్పుడు మళ్ళీ మాట్లాడుకోవచ్చు.

కావలి అమ్మాయి శని, ఆదివారాలు ఉండకపోయినా అద్దెలో, ఇంటర్నెట్‌లో తగ్గింపు ఉండదు. ఆమె మంచం ఆమె కోసమే ఉంది కదా. సరుకుల్లో మాత్రం కొంచెం తగ్గించాలి.

చెల్లెలు 40 రోజులు ఉండటం గురించి మీరు రాసింది చదివితే మీకే అన్యాయం జరిగినట్టుంది. నాకలా అనిపించలేదు. ఆ పిల్ల అక్కకు ఎంతో మీకూ దాదాపు అంతే. మీరు పెట్టిన అన్నానికి లెక్క కట్టలేరు, కట్టినా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. నిజంగా నష్టపోయింది మీ గదిలో ఉన్న ఆ కావలి అమ్మాయి. ఆమెకు ఆ పిల్ల ఏమీ కాదు. అయినా బియ్యానికి, గ్యాసుకు, నీళ్ళ క్యానుకు మూడో వంతు పెట్టింది, ఒక్క మాటా అనలేదు. ఆ వేసవి సరుకుల్లో ఆమె భాగం కొంత మీరూ అక్కా కలిసి వెనక్కి ఇవ్వండి. ఈ మాట మీరే ముందు ఎత్తితే అక్కకు మీ మీద అనుమానం రాదు, మీరు డబ్బు కోసమే మాట్లాడుతున్నారని అనుకోదు. ఇకముందు వారం దాకా ఎవరి చుట్టం వచ్చినా లెక్క లేదు, ఆ పైన ఉంటే పిలిచినవాళ్ళు సరుకుల్లో ఒక భాగం అదనంగా వేయాలి అని ముగ్గురూ అనుకోండి.

లెక్కలోకి తేకూడనివీ ఉన్నాయి. పొదిలి నుంచి మీరు తెచ్చే కందిపప్పు, కారం, సోమవారం కావలి నుంచి డబ్బాలో వచ్చే చేపల పులుసు, ఎవరికో జ్వరమొస్తే తెచ్చిన కొబ్బరిబోండాలు. ఇవి కూడా రాసుకుంటే అది ఇల్లు కాదు, మెస్సు.

మిగిలినవాటికి, అంటే బియ్యం, నూనె, పాలు, గ్యాసు, నీళ్ళ క్యాన్లు, పనామె జీతానికి, ఒకటో తారీఖున తలా ఇంతని ఒకరి దగ్గర వేయండి. నెలకొకరు ఆ బాధ్యత చూడాలి. ఎప్పుడూ మీరే చూస్తే మళ్ళీ మొదటికే వస్తారు. అక్క ఒక నెల సిలిండరు బుక్ చేసి, క్యాన్లవాడికి డబ్బిచ్చి, పాల లెక్క చూసుకుంటే, లెక్కలా అని నవ్వడం తనే మానేస్తుంది.

పాత బాకీల్లో రసీదు ఉన్నవి, గ్యాసు, ఇంటర్నెట్ లాంటివి, ఒక్కసారి అడిగి తీసుకోండి. అద్దెలో, కరెంటులో ఇదివరకు ఎక్కువ ఇచ్చింది వదిలేయండి. అప్పుడు మీరే ఒప్పుకుని ఇచ్చారు. అడ్వాన్సు ఎవరు ఎంత ఇచ్చారో, ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఓనరు పట్టుకుంటే ఎలా పంచుకోవాలో వాట్సాప్‌లో రెండు లైన్లు రాసుకోండి. అగ్రిమెంటు అక్క పేరు మీదే ఉంటే ఇది మరీ అవసరం.

మాట్లాడేది బిల్లు వచ్చిన రోజు కాదు, ఆదివారమూ కాదు, ఆ రోజు కావలి అమ్మాయి ఉండదు. వారం మధ్యలో అన్నాలు తిన్నాక కూర్చోండి. ముందుగా ఆ అమ్మాయిని మీ వైపు తిప్పుకుని ఇద్దరూ ఒక జట్టుగా వెళ్ళకండి, అక్కకు అది వెంటనే తెలిసిపోతుంది. "అక్కా, అన్నీ నేనే కట్టి అడగలేక చస్తున్నా. వచ్చే నెల నుంచి ఒక పద్ధతి పెట్టుకుందాం" అనండి. అది నిజం కూడా. అమ్మకు ముందుగా ఫోన్ చేయకండి. పొదిలి నుంచి పిన్నికి, పిన్ని నుంచి అక్కకు ఆ మాట చేరేసరికి రూపం మారిపోతుంది.

అక్క అద్దెకు ఒప్పుకోక, కరెంటుకు ఒప్పుకుంటే తీసుకోండి. ఏసీ బాగా నడిచే నెలల్లో ఐదొందల దాకా మిగులుతుంది, అద్దె సంగతి అగ్రిమెంటు రెన్యువల్ అప్పుడు చూడొచ్చు. రెండింటికీ ఒప్పుకోకపోతే ఆ రెన్యువల్ దాకా ఉండి, వేరే గదో లేడీస్ హాస్టలో చూసుకోండి. వెళ్తున్నానన్న సంగతి ఓనరు కంటే ముందు అక్కకే చెప్పండి, కనీసం నెల ముందు, ఇంకొకరిని వెతుక్కోవడానికి ఆమెకూ టైముండాలి.